మూడు డబ్బాల మెష్ వైఫైకి 24,000 పెట్టాలా?

ప్రశ్న: మాది పాలకొల్లు దగ్గర పల్లెటూరు. ముందు భాగం మావయ్యగారి నాటి మండువా ఇల్లు. వెనక మేం కట్టుకున్న రెండు గదుల స్లాబు, దానిపైన ఇంకో గది. నేను హైదరాబాద్ కంపెనీకి ఇంటి నుంచే పనిచేస్తాను, చేతికి 38,000 వస్తుంది. మావారు రొయ్యల చెరువులు లీజుకి చేస్తారు. 100 ఎంబీపీఎస్ ఫైబర్ కనెక్షన్‌కి జీఎస్టీతో కలిపి నెలకు 825 కడుతున్నాం. వైఫై ఇచ్చే డబ్బా (రౌటర్) ముందు వైపు వసారాలో ఉంది, నా పని గది వెనకాల. మీటింగులో సగం మాటలు తెగిపోతున్నాయి, రోజూ టెన్షన్. మావారు 24,000 పెట్టి మూడు యూనిట్ల మెష్ వైఫైని (ఇంట్లో అక్కడక్కడ పెట్టుకునే వైఫై డబ్బాల సెట్టు) తొమ్మిది నెలల నో కాస్ట్ ఈఎంఐలో తీసుకుందామంటున్నారు. నాకు ఈఎంఐ ఇష్టం లేదు. పాప ఇంటర్ ఫీజు కోసం 2023 ఆగస్టు నుంచి పోస్టాఫీసులో నెలకు 2,000 చొప్పున ఆర్‌డీ కడుతున్నాను, 37 వాయిదాలయ్యాయి. అది మూసేసి నగదు పెట్టి కొందామనుకుంటున్నాను. నెట్ కంపెనీ మనిషేమో 999 ప్లాన్‌కి మారితే చాలంటున్నాడు. ఏం చేయమంటారు?

జవాబు: నేరుగా చెబుతాను. ఈఎంఐ వద్దు, ఆర్‌డీ జోలికి వెళ్లొద్దు, 999 ప్లాన్ అసలు వద్దు. మెష్ కొనాల్సి రావచ్చు. కొన్నా మూడు యూనిట్లది అక్కర్లేదు, అదీ ఇల్లు ఒకసారి చూసుకున్న తర్వాతే.

ముందు ఆర్‌డీ సంగతి. పోస్టాఫీసు ఐదేళ్ల ఆర్‌డీని మూడేళ్లు నిండాక మూసుకోవచ్చు. కానీ గడువుకి ముందే మూస్తే మీరు చేరినప్పటి 6.5 శాతం ఇవ్వరు, సేవింగ్స్ ఖాతాకి ఇచ్చే 4 శాతమే లెక్కగడతారు. ఇప్పటిదాకా మీరు కట్టింది 74,000. చక్రవడ్డీ పక్కన పెట్టి మామూలు వడ్డీగా చూసుకున్నా ఈ తేడా 2,900 దాటుతుంది. కొనబోయే వస్తువు ధరకి ముందే ఇంకో మూడు వేలు కలిపినట్టు. అంతగా అవసరం పడితే ఏడాది కట్టిన ఆర్‌డీ మీద సగం దాకా అప్పు ఇస్తారు, ఆర్‌డీ వడ్డీకి 2 శాతం కలిపి, అంటే మీకు 8.5 శాతానికి. వైఫై కోసం ఆ అవసరం కూడా రాదని నా నమ్మకం.

నో కాస్ట్ ఈఎంఐ అంటే వడ్డీ ఉండదని కాదు. బ్యాంకు వడ్డీ వేస్తుంది, ఆ మేరకు అమ్మేవాళ్లు ధర తగ్గిస్తారు. ఆ వడ్డీ మీద పడే 18 శాతం జీఎస్టీ మాత్రం మీ నెత్తినే. 24,000కి తొమ్మిది నెలలు, 15 శాతం వడ్డీ అనుకుంటే వడ్డీ 1,430 దాకా అవుతుంది, దాని మీద జీఎస్టీ 258. ప్రాసెసింగ్ ఫీజు 199 ఉంటే దానికీ జీఎస్టీ కలిపి 235. మొత్తం ఐదొందలకు కాస్త తక్కువ. ఈ ఐదొందల గురించి నాకు పెద్ద పట్టింపు లేదు. నా అభ్యంతరం వేరే. మీవారి డబ్బు పట్టుబడి అయితేగానీ, అంటే రొయ్యలు పట్టి అమ్మితేగానీ, చేతికి రాదు. ఇంట్లో నెలనెలా వచ్చేది మీ జీతం ఒక్కటే కాబట్టి 2,667 వాయిదా, ఎవరి కార్డు మీద తీసుకున్నా, కట్టేది మీరే. చెరువుకి తెల్లమచ్చ తెగులు తగిలిన నెలలో కూడా కట్టాలి. 2025లో అమెరికా సుంకాలు పెంచినప్పుడు రొయ్య ధర ఏమైందో మీవారికి నేను చెప్పక్కర్లేదు. రాబడికి నికరం లేని ఇళ్లల్లో నెలవారీ వాయిదాలు ఎంత తక్కువుంటే అంత మంచిది.

ఇక 999 ప్లాన్. ఇప్పుడున్న 699 మీద 300 ఎక్కువ, జీఎస్టీతో 354, ఏడాదికి 4,248. వీడియో మీటింగుకి నాలుగైదు ఎంబీపీఎస్ సరిపోతుంది, మీ ప్లాన్‌లో ఉన్నది 100. శివారు చేలకి నీరందకపోతే బోదెలో పూడిక తీయిస్తారు గానీ, ధవళేశ్వరం దగ్గర ఇంకో గేటు ఎత్తమని ఎవరూ అడగరు కదా. మీ ఇంట్లో పూడిక వసారాకీ వెనక గదికీ మధ్య ఉంది. మెష్ పెట్టె మీద రాసే 1,200, 3,000 అంకెలు చూసి కూడా మోసపోవద్దు. అవి పెట్టెలోని రేడియోలన్నిటి గరిష్ఠ వేగాలని కలిపి రాసిన లెక్కలు. కనెక్షన్ 100 అయితే ఎంత ఖరీదైన పెట్టె కొన్నా ఆ 100 దాటదు.

పైసా ఖర్చు పెట్టకముందు ఒక పని చేయండి. సాయంత్రం ఎనిమిదింటికి, అందరూ నెట్ వాడే వేళ, డబ్బాకి మూడడుగుల దూరంలో నిలబడి ఫోన్లో స్పీడ్ టెస్ట్ పెట్టండి. తర్వాత మండువాలో, ఆ తర్వాత మీ పని గదిలో, చివరికి మేడ మీద. డబ్బా పక్కన 90 వచ్చి పని గదిలో 6 వస్తే లోపం ఇంట్లోదే. డబ్బా పక్కనే 30 వస్తుంటే మెష్ మీద పెట్టే ప్రతి రూపాయీ వృథా. ముందు నెట్ కంపెనీకి ఫిర్యాదు రాయించి, ఫిర్యాదు నంబరు తీసుకోండి. టెస్ట్ పెట్టేటప్పుడు ఫోన్ ఏ బ్యాండ్ (వైఫై తరంగాల శ్రేణి) మీద ఉందో కూడా చూడండి. 2.4 గిగాహెర్ట్జ్ గోడలు దాటి దూరం వెళ్తుంది గానీ నెమ్మది. 5 గిగాహెర్ట్జ్ వేగం, కానీ రెండు గోడలు దాటేసరికి నీరసపడుతుంది.

మీ ఇంటి విషయంలో గోడలే అసలు కథ. మండువా ఇళ్లల్లో సున్నం, ఇటుక గోడలు అడుగున్నర మందం ఉండటం మామూలే. వెనక కొత్త భాగంలో స్లాబులో ఇనుప చువ్వలు, అందుకే మేడ మీదికి సిగ్నల్ ఎక్కదు. మన వైపు ఇంకొకటి ఉంది, దాన్ని ఎవరూ పట్టించుకోరు: దోమల జాలీ. కిటికీలకి, తలుపులకి స్టీలు జాలీ బిగించుకుంటే దోమతోపాటు వైఫై కూడా బయటే ఆగుతుంది. నైలాన్ జాలీతో ఈ ఇబ్బంది లేదు. ఇనుప బీరువా, పెద్ద అద్దం కూడా అడ్డమే. అయితే మండువాతో మీకు ఒక లాభం ఉంది. మధ్యలో ఆకాశం కనిపించే ఖాళీకి అడ్డుగోడ లేదు కాబట్టి, మండువా వైపు తిరిగిన వసారా స్తంభం మీద, ఆరడుగుల ఎత్తున, వాన జల్లు పడనిచోట డబ్బా పెడితే చుట్టూ ఉన్న గదులన్నిటికీ అందుతుంది. కనెక్షన్ ఇచ్చిన కుర్రాడు ఫైబర్ ఎక్కడ లోపలికొస్తే అక్కడ, మీటరు బోర్డు పక్కన మేకు కొట్టి వెళ్లిపోయి ఉంటాడు. డబ్బా జరపమని అడగండి. అదనపు ఫైబర్‌కి కొన్ని వందలు తీసుకుంటారు. చాలా ఇళ్లల్లో సమస్య ఇక్కడే తీరిపోతుంది, కానీ ఇది చెబితే ఎవరికీ అమ్మకం జరగదు.

జరిపాక కూడా వెనక గదికి సరిగా రాకపోతే, తీగ లాగించండి. డబ్బా నుంచి మీ పని గదికి క్యాట్ 6 కేబుల్, 30 మీటర్లు అనుకుందాం. మీటరు 25, 30 రూపాయలుంటుంది, పైపు, కూలి కలిపి రెండున్నర వేలలో అయిపోవాలి. ఒకే కేబుల్ వంద మీటర్ల దాకా గిగాబిట్ (1,000 ఎంబీపీఎస్) వేగం మోస్తుంది కాబట్టి దూరం గురించి బెంగ లేదు. ప్యూర్ కాపర్ కేబులే అడగండి. అల్యూమినియం మీద రాగి పూత పూసిన రకం చవగ్గా అంటగడతారు, కోస్తా తేమకి, ఉప్పు గాలికి దాని కొసలు త్వరగా పాడవుతాయి. ఆ తీగ మీ లాప్‌టాప్‌కి నేరుగా గుచ్చితే ఆ క్షణం నుంచి మీటింగు గొడవ ఉండదు. మీ జీతానికి ఆధారమైన పని వైఫై మీద కాక తీగ మీద నడవాలన్నది నా అభిప్రాయం. మీరు ఖర్చు పెట్టాల్సిన మొదటి రెండున్నర వేలు ఇవే.

ఇప్పుడు మెష్. దాని గొప్పదనం ఏమిటంటే ఇల్లంతా ఒకటే పేరు, ఒకటే పాస్‌వర్డ్, మీరు ఒక గది నుంచి ఇంకో గదికి నడిచినా ఫోన్ దగ్గరి యూనిట్‌కి మారుతుంది. వెయ్యి రూపాయల రిపీటర్‌లో ఆ సుఖం లేదు, పైగా అది విన్న రేడియోతోనే మళ్లీ పంపుతుంది కాబట్టి వేగం దాదాపు సగమవుతుంది. చాలామందికి తెలియని సంగతేమిటంటే, రెండు బ్యాండ్ల మామూలు మెష్ కూడా యూనిట్ల మధ్య గాలిలో మాట్లాడుకుంటే ఇదే జబ్బు. మూడు యూనిట్లు వరుసగా పెడితే మూడోదానికి చేరేసరికి వేగం ఇంకా పడిపోతుంది. మూడు బ్యాండ్లున్న ఖరీదైన రకాలు ఒక బ్యాండ్‌ని ఈ మాటామంతీకే కేటాయిస్తాయి, 24,000 అడిగేది అందుకే. మీరు తీగ లాగించాక ఆ మూడో బ్యాండ్‌తో మీకు పని లేదు. వెనక యూనిట్‌ని అదే తీగకి తగిలిస్తే చవక రకం కూడా పూర్తి వేగం ఇస్తుంది.

కాబట్టి రెండు యూనిట్ల ప్యాక్ చాలు. వైఫై 5 రకం (ఈ అంకె పెరిగేకొద్దీ కొత్త తరం) ఆరేడు వేలలో దొరుకుతుంది. వైఫై 6 రకానికి మూడు వేలకు మించి తేడా లేకపోతే అది తీసుకోండి, నాలుగైదేళ్లు వాడతారు కాబట్టి దండగ కాదు. వైఫై 7 గురించి అమ్మకందారు ఎంత చెప్పినా వినకండి, దాన్ని వాడుకోగల ఫోన్ మీ ఇంట్లో ఒకటైనా ఉందా అని అడిగి చూడండి. యూనిట్‌కి ఉన్న పోర్టులు (తీగ గుచ్చే రంధ్రాలు) గిగాబిట్‌వో కాదో తప్పకుండా చూడండి. చవక ప్యాకుల్లో కొన్నిటికి 100 ఎంబీపీఎస్ పోర్టులే ఉంటాయి. రేపు ప్లాన్ పెంచుకుంటే తీగ కాదు, ఆ పోర్టే గొంతు నొక్కుతుంది. బిగించేటప్పుడు మెష్‌ని యాక్సెస్ పాయింట్ మోడ్‌లో (రౌటర్ పని పాత డబ్బాకే వదిలి వైఫై మాత్రం ఇచ్చే అమరిక) పెట్టి, నెట్ కంపెనీ డబ్బాలోని వైఫైని ఆపేయమనండి. రెండూ మోగుతుంటే ఫోన్లు తికమక పడతాయి. నెట్ కంపెనీయే మెష్ యూనిట్ నెల అద్దెకి ఇస్తామంటే ఆ అద్దెని మూడేళ్లకి, అంటే 36తో గుణించి, సొంతంగా కొనే ధర పక్కన పెట్టి చూడండి.

సంక్రాంతికి హైదరాబాద్ నుంచి చుట్టాలు దిగినప్పుడు నెట్ చాలదని మీవారు అనొచ్చు. ఆ మూడు రోజుల కోసం సామాను కొనక్కర్లేదు. గెస్ట్ నెట్‌వర్క్ అని ఉంటుంది, దానికి వేరే పాస్‌వర్డ్ పెట్టి ఇవ్వండి. పండగ వెళ్లాక తీసేయండి.

కరెంటు విషయం మరవకండి. వెనక యూనిట్ ఇన్వర్టర్ లేని ప్లగ్‌లో ఉంటే, కరెంటు పోయినప్పుడు ముందు వసారాలో నెట్ ఉంటుంది, మీ గదిలో ఉండదు. రెండూ ఇన్వర్టర్ లైన్‌లో ఉండాలి. లేదంటే 12 వోల్టుల మినీ యూపీఎస్ చెరొకటి, అడాప్టర్ మీద రాసిన వోల్టులు సరిచూసి కొనాలి. ఉరుములప్పుడు అడాప్టర్లతోపాటు కేబుల్ కూడా పీకేయండి. ఫైబర్ గాజు కాబట్టి పిడుగు కరెంటు మోయదు, రాగి తీగ మోస్తుంది. అందుకే ఇంటి బయట విడిగా ఉన్న పాకకో చెరువు గట్టు మీది షెడ్డుకో నెట్ ఇవ్వాలని మీవారికి ఉంటే, రాగి తీగ వేలాడదీయొద్దు, ఫైబరే వేయించండి. తుపాను వచ్చి కొబ్బరి చెట్టు తీగ మీద పడితే ఈ సామాను ఏదీ పనిచేయదు కాబట్టి, ఇంట్లో వేరే కంపెనీ సిమ్ ఒకటి రీచార్జ్ చేసి ఉంచుకోండి.

డబ్బు సర్దుబాటు ఇలా చేసుకోండి. ఈ నెల జీతంలోంచి డబ్బా జరపడం, తీగ. దాంతో మీ ఉద్యోగం తాలూకు ఇబ్బంది తీరిపోతుంది, మిగిలింది ఇంటివాళ్ల సౌకర్యమే. దానికి తొందర లేదు. తర్వాత మూడు నెలలు నెలకు 3,000 పక్కన పెడితే 9,000, రెండు యూనిట్ల ప్యాక్‌కి సరిపోతుంది. ఈలోపు పట్టుబడి వస్తే మీవారే పెట్టొచ్చు. అత్యవసర నిధిలోంచి మాత్రం తీయొద్దు. మీ కంపెనీలో ఇంటి నెట్ బిల్లు తిరిగి ఇచ్చే పద్ధతి ఉందేమో హెచ్‌ఆర్‌ని అడగండి. ఉంటే బిల్లు మీ పేరు మీద ఉండాలి, ఇప్పుడు మావయ్యగారి పేరున ఉంటే మార్పించుకోండి.

ఆన్‌లైన్‌లో కొంటే వాపసు ఇస్తారా, మార్చి మాత్రమే ఇస్తారా చదివి కొనండి. వారంటీకి పార్సిల్ పంపాలా, భీమవరంలోనో రాజమండ్రిలోనో ఇచ్చేయొచ్చా కనుక్కోండి. రెండు యూనిట్లు పెట్టాక మేడ మీద గదికి అందకపోతే అప్పుడు మూడోది ఒక్కటే కొనుక్కోవచ్చు. అందుకే ఇప్పుడు ఎంచుకునే రకంలో విడి యూనిట్ కూడా అమ్ముతున్నారో లేదో ముందే చూసుకోండి. అదే కంపెనీది, అదే శ్రేణిది అయితే కలపడంలో తంటా ఉండదు.