తెలుగులో ప్రాథమిక తరగతులకు బోధన సామగ్రి ఎక్కడ దొరుకుతుంది? తయారు చేసినది తోటి ఉపాధ్యాయులతో ఎలా పంచుకోవాలి?

మీరు ఈ మధ్యనే ఎస్జీటీగా, అంటే ప్రాథమిక తరగతులు చెప్పే టీచరుగా చేరారనీ, ఒకటి, రెండు, మూడు తరగతులను ఒకే గదిలో కూర్చోబెట్టుకోవలసి వస్తోందనీ, తెలుగులో కార్డులు, వర్క్‌షీట్లు, కథలు ఎక్కడ దొరుకుతాయో, మీరు తయారు చేసుకున్నవి మిగతా ఉపాధ్యాయులకు ఎలా అందించాలో చెప్పమనీ అడిగారు. నల్లగొండ జిల్లాలో ఇద్దరమే ఉపాధ్యాయులమున్న ప్రాథమిక పాఠశాలలో పనిచేస్తున్నవాడిని కనుక మీ గది ఎలా ఉంటుందో ఊహించగలను. మీ ప్రశ్నలో మొదటి సగానికి సమాధానం చిన్నది, త్వరగా చెప్పేస్తాను. రెండో సగం గురించి మాత్రం చాలా కాలంగా నా మనసులో ఒక మాట ఉంది, అందువల్ల అది కాస్త పొడుగవుతుంది.

పాఠ్యపుస్తకాలు పీడీఎఫ్ రూపంలో పాఠ్యపుస్తకాలు రూపొందించే రాష్ట్ర సంస్థ ఎస్‌సీఈఆర్‌టీ వెబ్‌సైటులోనే దొరుకుతాయి. పుస్తకంలో ఉన్న క్యూఆర్ కోడును ఫోనుతో స్కాన్ చేస్తే 2017లో మొదలైన దీక్షా అనే ప్రభుత్వ ఆన్‌లైన్ వేదికలో ఆ పాఠానికి జోడించిన సామగ్రి తెరుచుకుంటుంది, అయితే దేనినైనా తరగతిలో మొదటిసారి తెరవకుండా ముందురోజు ఇంట్లో చూసుకొని వెళ్లడం మంచిది. కథల కోసం ప్రథమ్ బుక్స్ వారు 2015లో ప్రారంభించిన స్టోరీవీవర్ అనే వెబ్‌సైటు ఒక్కటి చాలు, ఎందుకంటే అందులోని తెలుగు కథలు చదివే స్థాయిని బట్టి విడదీసి ఉంటాయి, వాటిని దింపుకోవచ్చు, అచ్చు వేసుకోవచ్చు, రచయిత, చిత్రకారుల పేర్లు ఉంచినంతవరకు మన పిల్లలకు తగినట్టు మార్చుకోవచ్చు కూడా. చెత్తబుట్టలో పడే వస్తువులతో సైన్సు బొమ్మలు చేయించాలంటే అరవింద్ గుప్తా గారి వెబ్‌సైటు ఉంది. మీ పైతరగతుల వారికి పనికొచ్చేది కొలరాడో విశ్వవిద్యాలయం వారి ఫెట్ అనే కంప్యూటరు ప్రయోగాల వెబ్‌సైటు, అందులో కొన్ని ప్రయోగాలు తెలుగులోనూ ఉన్నాయి, ఒకసారి దింపుకొంటే నెట్ లేకపోయినా నడుస్తాయి. పుస్తకం చేతికివ్వాలనుకుంటే సికింద్రాబాదు మంచి పుస్తకం వారివి, జన విజ్ఞాన వేదిక వారి చెకుముకి అనే పిల్లల సైన్సు పత్రిక ఉన్నాయి.

మొదటి ఏడాదికి ఇంతకు మించి వెతకడం అనవసరమని నా గట్టి అభిప్రాయం. మీరు వెతకకపోయినా ఉపాధ్యాయుల వాట్సాప్ గ్రూపుల్లో డీఏ ఉత్తర్వులకూ, శుభోదయాలకూ, పదవీ విరమణ అభినందనలకూ మధ్య రోజూ వర్క్‌షీట్లు వచ్చి పడుతూనే ఉంటాయి. వాటిలో ఏ ఒక్కదాని కిందనైనా ఇది ఎటువంటి పిల్లలతో వాడాం, ఎక్కడ ఆగిపోయారు, అప్పుడు ఏం చేశాం అనే మూడు ముక్కలు కనిపిస్తాయేమో చూడండి. కనిపించవు, ఆ మూడు ముక్కలు లేని సామగ్రి ఎంత పోగుపడినా ఒక ఫోను నుంచి మరో ఫోనుకు ప్రయాణిస్తుందే తప్ప తరగతి గదిలోకి రాదు.

నాకీ పట్టుదల ఎందుకు వచ్చిందో చెప్పాలంటే చుట్టుపక్కల బడుల ఉపాధ్యాయులు కలిసే ఒక స్కూల్ కాంప్లెక్స్ సమావేశం గురించి చెప్పాలి. కొద్దినెలల్లో పదవీ విరమణ చేయబోతున్న ఒక పెద్దసారు ఆ రోజు మోటారు సైకిలు వెనుక కట్టుకొని ఒక రేకుపెట్టె తీసుకొచ్చారు. బ్రిటన్ ప్రభుత్వ సహాయంతో నడిచిన ఆంధ్రప్రదేశ్ ప్రాథమిక విద్యా పథకం కాలంలో, ఉపాధ్యాయ కేంద్రాల్లో నేలమీద కూర్చుని కత్తెర, జిగురు పట్టుకొని బోధనోపకరణాలు తయారు చేయడం నేర్చుకున్న తరం ఆయనది. పెట్టెలో పాత క్యాలెండర్ల వెనుక వైపునా, శుభలేఖల అట్టల మీదా రాసిన కార్డులు, సైకిలు ట్యూబు నుంచి కోసిన రబ్బరు పట్టీలతో కట్టలు కట్టి ఉన్నాయి. ఎవరికి కావలసినవి వారు తీసుకోండి, నాకిక వీటితో పని లేదు అన్నారు.

ఆ కట్టలలో ఒత్తుల కార్డులు నన్ను ఆపేశాయి. మన గోడల మీది చార్టుల్లో ఒత్తులు వర్ణమాల వరుసలోనే ఉంటాయి, ఆయన కార్డులలో ఆ వరుస లేదు. తలకట్టు తీసేస్తే అక్షరం తన పోలికతోనే కిందకు చేరే ఒత్తులన్నీ ఒక కట్టగా, అంటే మొగ్గ, బుట్ట, గడ్డి, ముద్ద, పప్పు, గువ్వ వంటి పదాలతో ముందు పెట్టారు. అక్షరంతో పోలికే లేకుండా వేరే ఆకారం తీసుకొనే త, న, మ, య, ర, ల ఒత్తులను రెండో కట్టగా తరువాతకు ఉంచారు. ఎక్కువమంది పిల్లలు ఒత్తుల దగ్గర ఎందుకు చతికిలబడతారో ఆ రెండు కట్టలను పక్కపక్కన పెట్టుకొని చూస్తే అర్థమవుతుంది. మనం మొదటిరోజే అమ్మ, అన్న, అత్త అని మొదలుపెట్టి, అన్నిటికంటే కష్టమైన ఒత్తులను అన్నిటికంటే ముందు వారి ముందు పెడుతున్నాం.

చుట్టూ ఉన్నవారు కార్డులను బల్ల మీద పరిచి ఫోన్లతో ఫోటోలు తీసుకుంటున్నారు. నేను ఏ సంవత్సరపు క్యాలెండరో చూద్దామని ఒక కార్డు తిప్పాను. వెనుక ఖాళీగా ఉన్నచోట పెన్సిలుతో సన్నని రాత ఉంది. అమ్మ అని రాసిన కార్డు వెనుక "అమ్మ చదివారని సంబరపడకూడదు, దానిని బొమ్మలాగా గుర్తుపడుతున్నారు, రెమ్మ, దిమ్మె ఇచ్చి చూడాలి" అని ఉంది. నీళ్లు బొమ్మ ఉన్న కార్డు వెనుక "తండా పిల్లలు పాణి అంటారు, తప్పు అనకూడదు, పాణి అన్నాక నీళ్లు అని మనం అనాలి" అని ఉంది. మరొకదాని వెనుక వు, మ ఒకే వారంలో చూపవద్దని, ఇంకొకదాని వెనుక పిల్లలు ఒత్తును కింద రాయకుండా పక్కన రాస్తున్నారని, ఇసుకలో వేలితో రాయించాక కుదిరిందని ఉంది. ఒక నున్నటి క్యాలెండరు కార్డు మీదనైతే "మెరుస్తుంది, కిటికీ వైపు వాళ్లకు కనపడదు" అని కూడా రాసుకున్నారు. ఫోటోలు తీసుకున్నవారిలో ఒక్కరూ కార్డు తిప్పలేదు. ఆ మధ్యాహ్నం సమావేశంలో ఏ అంశం మీద ఎవరు మాట్లాడారో నాకు గుర్తు లేదు.

ఆ ఒత్తుల కార్డులను ఇంటికి తెచ్చుకొని, ముందు వైపు పదమూ వెనుక వైపు మాటా రెండూ టైపు చేసి, ఆయన అనుమతితో మండల గ్రూపులో పెట్టాను. కొంతకాలానికి అవే కార్డులు వేరే గ్రూపు నుంచి నాకే తిరిగి వచ్చాయి. ఎవరో పుణ్యాత్ములు వాటికి చిలుకల అంచు గీసి, రంగులు నింపి, ప్రతి కార్డు మీద ఏటవాలుగా తమ పేరూ ఫోన్ నంబరూ ముద్రించి, వరుస తప్పిందనుకొని వర్ణమాల క్రమంలోకి సర్ది, వెనుక మాటలను పూర్తిగా తీసేశారు. పక్క మండలం నుంచి ఒక టీచర్ ఫోన్ చేసి, ఈ కార్డులు చూడడానికి బాగున్నాయి గాని మా పిల్లలకు ఒత్తులు రావడం లేదు సార్, మీరేమైనా వాడి చూశారా అని అడిగారు. అసలు ఫైలు పంపించాను. పేరు వేసుకోవాలనే తాపత్రయం గురించి నాకు పెద్ద అభ్యంతరం లేదు, కానీ వేరొకరి పేరు చెరిపి తమది వేసుకొనేవారు కనీసం అందులో ఏముందో ఒకసారి చదవాలి.

కార్డులు ఒక చోటు నుంచి మరొక చోటుకు సరిగ్గా ప్రయాణించిన ఉదాహరణ మనకు దగ్గరలోనే ఉంది. మదనపల్లె దగ్గర రిషివ్యాలీలో రమ, పద్మనాభరావు దంపతులు పల్లె బడుల కోసం స్కూల్ ఇన్ ఎ బాక్స్ అనే కార్డుల పెట్టె తయారు చేశారు. అందులో ఏ కార్డు తరువాత ఏది చేయాలో పిల్లవాడే చూసుకొనే నిచ్చెన పటం ఉంటుంది. 1995 ప్రాంతంలో మైసూరు జిల్లా హెచ్.డి. కోటె తాలూకా ఉపాధ్యాయులు అక్కడికి వెళ్లి చూసి, తమ పిల్లలకు తగినట్టుగా కన్నడంలో కార్డులు తామే కూర్చుని రాసుకున్నారు. కర్ణాటకలో నలి-కలి అనే పద్ధతి అలా మొదలైంది. కార్డులను జెరాక్స్ తీసుకొని వెళ్లిపోయి ఉంటే అది మొదటి ఏడాదిలోనే అటకెక్కేదని నేను నిస్సందేహంగా చెప్పగలను.

అటక అంటే గుర్తొచ్చింది. సర్వశిక్షా అభియాన్ రోజుల్లో బోధనోపకరణాల కోసం ఒక్కొక్క ఉపాధ్యాయునికి ఏడాదికి 500 రూపాయల గ్రాంటు వచ్చేది. దానిలో ఎంత భాగం థర్మోకోల్‌కూ మెరుపు కాగితాలకూ పోయిందో, బోధనోపకరణాల (టీఎల్ఎం) మేళాలో బహుమతి తెచ్చుకున్న ఎన్ని నమూనాలు ఆ మరుసటి రోజు నుంచి పిల్లల చేతికి అందనంత ఎత్తులో నిలిచిపోయాయో పాత పాఠశాలల బీరువాలు తెరిస్తే తెలుస్తుంది. పిల్లలు పట్టుకుంటే పాడవుతుందని దాచే వస్తువు బోధనోపకరణం కాదు.

ఇక మీరు పంచుకొనే పద్ధతికి వస్తాను. మనవాళ్లు పంపే తెలుగు వర్క్‌షీట్లలో చాలావరకు డీటీపీ సెంటర్ల పాత ఫాంట్లలో టైపు చేసినవి. వాటిలోంచి ఒక వాక్యం కాపీ చేసి వేరేచోట పెడితే అర్థంలేని గుర్తుల వరుస వస్తుంది, పదంతో వెతికితే దొరకవు, ఒక్క పదం మార్చాలన్నా మొత్తం మళ్లీ టైపు చేయాలి. తెలుగు సామగ్రి లేదని అందరూ అనుకోవడానికి సగం కారణం ఇదేనని నేనంటాను. ఉన్నదంతా వెతకడానికి వీల్లేని రూపంలో ఉంది. మీరు మాత్రం ఫోనులోని తెలుగు కీబోర్డుతోనైనా సరే యూనికోడ్‌లో, అంటే ఎక్కడైనా చదవడానికీ వెతకడానికీ వీలైన అక్షర పద్ధతిలో టైపు చేయండి. మండలి, రామభద్ర వంటి మంచి ఫాంట్లు ఉచితంగా దొరుకుతాయి. పీడీఎఫ్ ఒక్కటే పంపకుండా, మార్చుకోవడానికి వీలైన ఫైలు కూడా జతచేయండి. ఫైలు పేరు "ఫైనల్ న్యూ 2" అని కాకుండా తరగతి, విషయం, నేర్పదలచిన అంశం కనిపించేలా పెట్టండి.

రంగుల జోలికి పోవద్దు. మండల కేంద్రంలో జెరాక్స్ తీయించగానే అన్నీ నలుపూ బూడిదా అవుతాయి. ఎర్రని పండ్లకు సున్న చుట్టమని రాసి ఉన్న వర్క్‌షీటును నేను అలా జెరాక్స్ రూపంలో పిల్లల ముందు పెట్టినప్పుడు, పండ్లన్నీ ఒకే రంగులో ఉన్నాయి సార్ అని రెండో తరగతి పిల్ల అడిగింది. గీతల బొమ్మలు, పెద్ద అక్షరాలు, ఒక పేజీలో నాలుగు కార్డులకు మించకుండా ఉంటే ఏ ఊళ్లోనైనా పనిచేస్తుంది.

అన్నిటికంటే ముఖ్యంగా, పంపే ముందు మీ తరగతిలో ఒకసారి వాడి, వెనుక వైపు మాట రాసి పంపండి. వందలమంది ఉన్న గ్రూపు కంటే మీ స్కూల్ కాంప్లెక్స్‌లో మీలాగే చిన్న తరగతులు చెప్పే ముగ్గురు నలుగురు నయం. వారి పిల్లలూ మీ పిల్లలూ ఒకే మాట మాట్లాడతారు, నెలనెలా ఎదురుపడతారు కనుక ఏది కుదరలేదో మొహం మీదే చెబుతారు. 2022లో పిల్లలకు చదవడం, రాయడం, లెక్కల పునాది వేసే తొలిమెట్టు కార్యక్రమం మొదలైనప్పటి నుంచి మా దగ్గర నెలవారీ సమీక్షలు జరుగుతున్నాయి. వాటిలో పిల్లల ప్రగతి శాతాలు చదివే సమయంలోంచి ఒక అరగంట తీసి, ఒక్కొక్కరు ఒక్క కార్డు, దాని వెనుక మాటతో సహా చూపించమని మీ హెచ్ఎం గారిని అడిగి చూడండి. కొత్తవారు అడిగితే సాధారణంగా కాదనరు.

ఆ వెనుక మాటలు రాసేటప్పుడు పిల్లల పేర్లు రాయకండి, వారి నోటుపుస్తకాల ఫోటోలు పెట్టవలసి వస్తే పేరున్న అట్ట కనపడకుండా చూడండి. రెండో తరగతి, ఇంట్లో లంబాడీ మాట్లాడతారు, గుణింతాలు వచ్చు, ర ఒత్తు దగ్గర ఆగారు అని రాస్తే అవతలి టీచరుకు కావలసినదంతా అందులో ఉంటుంది.