కొలంబియాలో భోజనం చవకే, కానీ పొదుపు ఖాతా జోలికి వెళ్లకండి

ప్రశ్న: మాది రాజమహేంద్రవరం. నేను టీచరుగా, మావారు బ్యాంకులో చేసి రిటైరయ్యాం. వేసవిలో హ్యూస్టన్‌లో ఉన్న మా అబ్బాయి దగ్గరకు వెళ్తున్నాం. వాడి ఆఫీసులో పనిచేసే కొలంబియా కుర్రాడిది బొగోటా పక్కన కహికా అనే ఊరట. చిన్నదే అయినా తెగ పెరుగుతోందట. వాళ్ల సంప్రదాయ భోజనం అక్కడ మన డబ్బుల్లో మూడు నాలుగు వందలకే కడుపునిండా పెడతారట. అంత చవకైతే అక్కణ్నుంచే ఓ తొమ్మిది రోజులు వెళ్లొద్దామని ఉంది. సీనియర్ సిటిజన్స్ సేవింగ్స్ స్కీమ్‌లో నా పేర 15 లక్షలు వేసి ఏడాదిన్నర అయింది. అందులోంచి 3 లక్షలు తీయవచ్చా? నేను గుడ్డు తింటాను, మాంసం ముట్టను.

జవాబు: టీచరు గారూ, ముందు ఆ 15 లక్షల సంగతి చూద్దాం. ఆ స్కీమ్‌లో ఖాతాలోంచి కొంత తీసుకోవడం కుదరదు. గడువుకు ముందు కావాలంటే ఖాతా మొత్తం మూసేయాలి. ఏడాది దాటి రెండేళ్లు నిండకపోతే అసలులో 1.5 శాతం కోత పడుతుంది. మీ 15 లక్షల మీద అది 22,500 రూపాయలు. కహికాలో మీ ఇద్దరి తొమ్మిది రోజుల తిండికి కూడా అంత కాదు. కాబట్టి ఆ ఖాతాను కదిలించకండి. 8.2 శాతం చొప్పున మూడు నెలలకోసారి మీకు వచ్చే వడ్డీ 30,750 రూపాయలు. ఇప్పటి నుంచి రెండు విడతలు ఇంటి ఖర్చుల్లో కలపకుండా విడిగా ఉంచితే 61,500 అవుతుంది. ఈ ప్రయాణానికి అదే మీ మొదటి పెట్టుబడి.

ఆ కుర్రాడు చెప్పింది అబద్ధం కాదు. కాకపోతే సొంతూరి భోజనం ధర చెప్పేవాడికి విమానం టికెట్ గుర్తుకు రాదు. కొలంబియా కరెన్సీ పెసో విలువ రోజూ మారుతుంది కాబట్టి లెక్క సులువుగా ఉండడానికి రూపాయికి 45, డాలరుకు 4,000 పెసోలు అనుకుందాం. హ్యూస్టన్ నుంచి బొగోటాకు నేరుగా విమానాలున్నాయి, ఐదు గంటల ప్రయాణం. రానుపోను మనిషికి 500 డాలర్లు వేసుకున్నా ఇద్దరికీ 89 వేల రూపాయలు. కహికాలో మామూలు హోటల్ గది రాత్రికి 1,60,000 పెసోలు అనుకుంటే ఎనిమిది రాత్రులకు 28 వేల పైచిలుకు. ఎయిర్‌పోర్టు టాక్సీలు, బస్సులు, చూడాల్సినవి కలిపి 18 వేలు. ఇన్సూరెన్సుకు ఒక 8 వేలు. తిండికి రోజుకు ఇద్దరికీ లక్ష పెసోలు, అంటే తొమ్మిది రోజులకు 20 వేలు. మొత్తం 1,63,000 దాకా వస్తుంది. చేతిలో కాస్త ఎక్కువ ఉంచుకోవాలి కాబట్టి 1,80,000 అనుకోండి. మీరనుకున్న 3 లక్షలు అక్కర్లేదు. ఈ మొత్తంలో తిండి వాటా ఎనిమిదో వంతు కూడా లేదు. అక్కడ భోజనం ఉచితంగా పెట్టినా ప్రయాణం చవక అయిపోదు. వెళ్లాలా వద్దా అన్నది టికెట్ ధర చూసి తేల్చుకోండి.

ఆ టికెట్లు మీ అబ్బాయి కొంటానంటే మొహమాటపడకండి. కొడుకు తల్లిదండ్రులకు ఇచ్చేదాని మీద మన దగ్గర పన్ను లేదు. మీరు ఇక్కణ్నుంచి రూపాయలను డాలర్లు చేసి వాడికి పంపడం, వాడు మళ్లీ వాటితో టికెట్ కొనడం ఉత్త చుట్టుతిరుగుడు. పోయేది మారకంలోనే. టికెట్లు వాడివి, మిగతావి మీవి అనుకుంటే మీకు కావాల్సింది 90 వేలు. 61,500 వడ్డీలోంచే వస్తాయి, మిగతాది సేవింగ్స్ ఖాతాలో చూసుకోండి.

ఇప్పుడు తిండి. మీ ఉత్సాహమంతా దానిమీదే కదా! కహికా బొగోటాకు ఉత్తరాన 40 కిలోమీటర్ల లోపే ఉంటుంది, 2,550 మీటర్ల ఎత్తున. 2005 జనాభా లెక్కల్లో సుమారు 45 వేలున్న ఊరు 2018కి 80 వేలు దాటింది. బొగోటాలో ఇళ్ల ధరలు భరించలేనివాళ్లు, రద్దీ పడలేనివాళ్లు ఇటు వచ్చేశారు. గేటెడ్ అపార్టుమెంట్లు లేచాయి, ఒక విశ్వవిద్యాలయం క్యాంపస్ వచ్చింది. ఇలా పెరిగే ఊళ్లో రెండు ధరలు నడుస్తాయి. కొత్త అపార్టుమెంట్ల పక్కన వెలిసిన రెస్టారెంట్లది బొగోటా ధర. సెంటర్లో చర్చి, చౌక్, మార్కెట్ చుట్టుపక్కల వీధుల్లో మేస్త్రీలు, ఆఫీసు గుమాస్తాలు, విద్యార్థులు తినే హోటళ్లది ఊరి ధర. మీరు వెతకాల్సింది ఈ రెండోది.

దాన్ని కొరియెంతాసో అంటారు, మన మీల్స్ హోటల్ లాంటిదే. మధ్యాహ్నం 12 నుంచి 2 మధ్య వెళ్లాలి. ఆలస్యమైతే మంచివి అయిపోతాయి. ముందు ఒక గిన్నెడు సూప్, తర్వాత ప్లేటులో అన్నం, బీన్స్ గాని పప్పు గాని, బంగాళాదుంప లేదా వేయించిన అరటి ముక్క, కాస్త సలాడ్, ఒక మాంసం ముక్క, పక్కన గ్లాసుడు పండ్ల రసం. అన్నీ కలిపి 15,000 పెసోలు, అటూ ఇటూగా. మన 330 రూపాయలు. మాంసం బదులు గుడ్డు వేయమంటే చాలాచోట్ల వేస్తారు. సూప్ మాత్రం ఎముకల రసంతో చేసి ఉండొచ్చు, ముందే అడగండి.

అహియాకో అని ఆ ప్రాంతపు ప్రసిద్ధ వంటకం ఒకటుంది. మూడు రకాల బంగాళాదుంపలు, మొక్కజొన్న కంకి, గుఆస్కాస్ అనే ఆకు, కోడిమాంసం వేసి చిక్కగా కాస్తారు. పసుపు రంగు చిన్న దుంప పూర్తిగా కరిగి సూప్‌ను చిక్కబరుస్తుంది, మిగతావి ముక్కలుగా నిలుస్తాయి. పైన మీగడ, పక్కన అవకాడో, అన్నం. మీకు పనికిరాదు గాని మీవారిని వదిలిపెట్టనివ్వకండి. రెస్టారెంటులో 30 నుంచి 40 వేల పెసోలు ఉంటుంది. మీకు పొద్దుటి పూట బాగుంటుంది: పాలలో గుడ్డు వేసి కాచే చాంగ్వా, చీజ్‌తో చేసే అల్మొహాబానా రొట్టె, వేడి చాక్లెట్ కప్పులో వేసుకునే చీజ్ ముక్క. అగ్వాపనేలా అంటే వేడి బెల్లం నీళ్లే. బెల్లం తయారీలో మన దేశం తర్వాతి స్థానం కొలంబియాదే కాబట్టి ఆ రుచి మీకు కొత్త కాదు.

శని, ఆదివారాలు బొగోటా జనం కార్లేసుకుని తినడానికే ఇటు వస్తారు. రోడ్డు కిక్కిరిసిపోతుంది, హోటళ్లలో చవక మెనూ దొరకదు. ఊరు తిరిగి తినడం వారం మధ్యలో పెట్టుకోండి. బొగోటా నుంచి సిపాకిరా అనే ఊరికి నడిచే టూరిస్టు రైలు మాత్రం వారాంతాలు, సెలవు రోజుల్లోనే ఉంటుంది, తిరుగు ప్రయాణంలో కహికాలో ఆగుతుంది. సిపాకిరాలో ఉప్పు గనిలో కట్టిన చర్చి చూడాల్సిందే, అయితే విదేశీయుల టికెట్ లక్ష పెసోల దరిదాపుల్లో ఉంటుంది. అంటే ఆరు భోజనాలు! పక్క ఊరు చియాలోని ఆండ్రెస్ కార్నే దె రెస్ అనే రెస్టారెంటుకు ఎవరైనా తీసుకెళ్తామంటే సరదాగా వెళ్లండి, బిల్లు మాత్రం మనిషికి లక్ష పెసోలు దాటుతుందని తెలిసి వెళ్లండి.

బిల్లు దగ్గర సర్వీసు చార్జీ కలపమంటారా అని అడుగుతారు. 10 శాతం వరకు వేస్తారు, అది ఇష్టమైతేనే. 2018 చట్టం ప్రకారం వద్దనే హక్కు మీకుంది. హోటల్ గది అద్దె మీద 19 శాతం పన్ను విదేశీ పర్యాటకులకు వర్తించదు. పాస్‌పోర్టు, ప్రవేశ ముద్ర చూపించి బిల్లులో అది లేకుండా చూసుకోండి. 28 వేల మీద అది చిన్న మొత్తం కాదు. చిన్న హోటళ్లలో నగదే నడుస్తుంది. ఏటీఎంలో ప్రతిసారీ చార్జీ పడుతుంది కాబట్టి కొంచెం కొంచెం కాకుండా ఒకేసారి తీయండి. మీ కరెన్సీలోకి మార్చమంటారా అని స్క్రీన్ అడిగితే వద్దని నొక్కండి.

అన్నిటికంటే ముందు పాస్‌పోర్టు తెరిచి వీసా తేదీ చూడండి. చెల్లుబాటయ్యే అమెరికా పర్యాటక వీసా ఉన్న భారతీయులను కొలంబియా వేరే వీసా లేకుండా రానిస్తుంది గాని, అక్కడ దిగేనాటికి ఆ వీసాకు కనీసం 180 రోజుల గడువు మిగిలి ఉండాలి. నిబంధన మారిందేమో టికెట్ కొనేముందు వాళ్ల రాయబార కార్యాలయం వెబ్‌సైటులో ఒకసారి చూడండి. ప్రయాణానికి ముందు ఆన్‌లైన్‌లో నింపాల్సిన చెక్-మిగ్ అనే కొలంబియా ప్రవేశ ఫారం ఉచితం, డబ్బడిగే సైట్ల జోలికి పోకండి. తిరిగి అమెరికాలో దిగినప్పుడు ఎన్నాళ్లు ఉండనివ్వాలో అధికారి మళ్లీ నిర్ణయిస్తాడు, ఇండియా రిటర్న్ టికెట్ చేతిలో ఉంచుకోండి.

అమెరికా కోసం తీసుకునే విజిటర్ ఇన్సూరెన్సు పాలసీ కొలంబియాలో పనిచేయకపోవచ్చు. పాలసీ కాగితంలో అది రాసి లేకపోతే ఆ తొమ్మిది రోజులకు విడిగా తీసుకోండి. నేను వేసిన 8 వేలు అందుకే. అంత ఎత్తులో మొదటి రెండు రోజులు ఆయాసం రావచ్చు. ఇద్దరిలో ఎవరికైనా బీపీ, గుండె సమస్య ఉంటే డాక్టరును అడిగి, ఆయన సరేనన్నాకే అబ్బాయిని టికెట్లు కొనమనండి.