తమ్ముడికి మూలుగ ఇస్తానన్న అమ్మలుకి

అమ్మలూ,

నీ మెసేజ్ రాత్రి చూశా, హెచ్‌ఎల్‌ఏ (మూలుగ ఇచ్చేవాళ్ళకీ తీసుకునేవాళ్ళకీ కలవాల్సిన కణాల గుర్తులు) పూర్తిగా కలిసిందని. క్యాన్సర్‌తో ఉన్న తమ్ముడికి దారి దొరికిందని కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి. కానీ కింద ఇంకో లైను రాశావు చూడు, "పెద్దమ్మా, వెన్నులోంచి తీస్తారంట కదా, కాళ్ళు పడిపోతాయేమో" అని, అది చదివాక నాకు నిద్ర పట్టలేదు, అందుకే కూర్చుని ఇదంతా టైప్ చేస్తున్నా, పెద్దదైనా మొత్తం చదువు.

వెన్నుపాము వేరమ్మా, మూలుగ వేరు. వెన్నుపాము అంటే నరాల కట్ట, దాని జోలికి ఎవరూ వెళ్ళరు. మూలుగ అంటే ఎముక లోపల మెత్తటి గుజ్జు, రక్తం పుట్టేది అందులోనే. చిన్నప్పుడు దాదాపు అన్ని ఎముకల్లోనూ ఎర్ర మూలుగే ఉంటది, పెద్దయ్యేకొద్దీ చేతులూ కాళ్ళ పొడుగు ఎముకల్లో చాలావరకు కొవ్వు చేరిపోయి, తుంటి, రొమ్ము ఎముక, పక్కటెముకలు, వెన్నుపూసలు, పుర్రె ఇలాంటి చోట్లే ఎర్రది మిగులుద్ది. నీ దగ్గర ఎముకలోంచే తీయాల్సొస్తే నడుం కింద వెనకవైపు చెయ్యి పెట్టి తడిమితే గట్టిగా తగులుద్దే, ఆ తుంటి ఎముక అంచు, సూది అక్కడికే వెళ్తుంది.

"ఇచ్చేస్తే నాకు తక్కువైపోదా" అని కూడా అడిగావు. నువ్వు ఈ లైను చదివేలోపే నీ ఒంట్లో లక్షల కొద్దీ ఎర్రకణాలు పుట్టేసుంటాయి, సెకనుకి 20 లక్షల పైమాటే. పాతవి 120 రోజులకి పోతాయి, ప్లేట్‌లెట్లయితే వారం పది రోజులే, అందుకే మూలుగకి సెలవనేదే ఉండదు. వీటన్నిటికీ తల్లి మూలకణం, అది రక్తకణాల్నీ పుట్టిస్తుంది, తనలాంటి మూలకణాల్నీ పుట్టిస్తుంది, కాబట్టి నువ్వు ఇచ్చింది 4 నుంచి 6 వారాల్లో మళ్ళీ నిండిపోద్ది. నేను మీ మామయ్యకి ఇచ్చి 26 ఏళ్ళయింది, నన్ను చూస్తూనే ఉన్నావుగా.

అప్పుడు నాకు మత్తిచ్చి తుంటిలోంచే తీశారు, గంటన్నర పట్టింది, లీటరుకి దగ్గర. నొప్పి లేదని అబద్ధం చెప్పను, ఒక వారం పాటు కూర్చున్నా లేచినా ఎవరో నడుం మీద గట్టిగా కొట్టినట్టు ఉండేది, తర్వాత కొన్నాళ్ళు నీరసం, ఐరన్ మాత్రలిచ్చారు, అంతే. ఇప్పుడు ఎక్కువగా రక్తంలోంచే తీస్తున్నారు. 4, 5 రోజులు చర్మం కింద జీసీఎస్ఎఫ్ ఇంజెక్షన్ చేస్తారు, దాంతో మూలకణాలు మూలుగలోంచి రక్తంలోకి వచ్చేస్తాయి, అప్పుడు ఒక చేతిలోంచి రక్తం మెషిన్‌లోకి వెళ్ళి, మూలకణాలు అక్కడ ఆగి, మిగతాది ఇంకో చేతిలోకి తిరిగొచ్చేస్తుంది. 4 నుంచి 6 గంటలు పడుతుంది, ఒక్కోసారి మర్నాడు కూడా కూర్చోవాలి. ఆ ఇంజెక్షన్ రోజుల్లో ఎముకలు పీకుతాయి, తలనొప్పి, జ్వరం వచ్చినట్టు ఉంటది, భయపడకు, మూలుగ గట్టిగా పనిచేస్తోందని అర్థం, ఆపాక తగ్గిపోద్ది. కానీ నొప్పికి నీ అంతట నువ్వు మాత్ర వేసుకోకు, ఆస్పిరిన్ లాంటివి ప్లేట్‌లెట్ల పని పాడుచేస్తాయి, వాళ్ళనే అడుగు. ఆ రోజుల్లో ఎడమ పక్కటెముకల కింద ఉండే ప్లీహం (స్ప్లీన్) కొంచెం ఉబ్బుద్ది, బరువులెత్తొద్దు, ఎడమ పక్కటెముకల కింద గానీ ఎడమ భుజంలో గానీ గట్టిగా నొప్పొస్తే తెల్లారేదాకా ఆగొద్దు, వెంటనే ఆస్పత్రికి వెళ్ళు. మెషిన్ మీద ఉన్నప్పుడు పెదాలు తిమ్మిరెక్కితే మొహమాటపడకుండా నర్స్‌కి వెంటనే చెప్పు, కాల్షియం తగ్గుద్ది అప్పుడు, వాళ్ళు సర్దేస్తారు.

ఇప్పుడు అసలు సంగతి, దీని కోసమే రాస్తున్నా. నువ్వు ఇచ్చే ముందు తమ్ముడికి కండిషనింగ్ అని పెద్ద డోసు కీమో ఇస్తారు, కొందరికి రేడియేషన్ కూడా. క్యాన్సర్ కణాలతో పాటు వాడి సొంత మూలుగ కూడా ఖాళీ అయిపోద్ది. ఆ మందు మొదలయ్యాక నువ్వు వద్దంటే వాడి ప్రాణానికే ముప్పు. కాబట్టి వద్దనాలని మనసులో ఎక్కడైనా ఉంటే ఈ వారమే అను, ఆ హక్కు నీకుంది, ఎవరు ఏమన్నా నేను నీ వైపు నిలబడతా. డాక్టర్‌తో ఒంటరిగా మాట్లాడతానని అడుగు, అమ్మ నాన్న పక్కన లేకుండా, వీలైతే తమ్ముడిని చూసే డాక్టర్ కాకుండా వేరే డాక్టర్‌తో. నీ పరీక్షల్లో ఏం వచ్చిందో నువ్వు ఒప్పుకోకుండా ఇంట్లో వాళ్ళకి కూడా చెప్పకూడదు. ఇస్తానని ఖాయం చేసుకున్నాక మాత్రం వెనక్కి చూడకు, జలుబు చేసినా, నెల తప్పిందేమోనని అనుమానమొచ్చినా దాచకుండా వెంటనే చెప్పు.

అక్కకి కలవలేదని తనని ఎవరూ ఏమీ అనకుండా చూడు. ఆ గుర్తులు అమ్మ నుంచి సగం, నాన్న నుంచి సగం వస్తాయి కదా, ఒక తోబుట్టువుతో పూర్తిగా కలిసే అవకాశం నాలుగింట ఒకటే. మామయ్యకి మీ అమ్మది కలవలేదు, నాది కలిసింది, తనేదో తప్పు చేసినట్టు మీ అమ్మ ఎన్నాళ్ళు కుమిలిపోయిందో నాకు తెలుసు.

ఇంకో మాట, ఇది నాకు ముందుగా ఎవరూ చెప్పలేదు. మామయ్యకి 19వ రోజు న్యూట్రోఫిల్స్, అంటే ఇన్ఫెక్షన్లతో పోరాడే తెల్లకణాలు, 500 దాటాయి, నా మూలుగ వాడి ఒంట్లో పనిచేయడం మొదలెట్టిందని ఇంట్లో పండగే. తర్వాత రెండో నెలలో ఒళ్ళంతా ఎర్రగా దద్దుర్లు, విరేచనాలు. నా కణాలు వాడి ఒంటిని పరాయిదనుకుని దాడి చేస్తున్నాయన్నారు, జీవీహెచ్‌డీ. నా వల్లే వాడికి ఇలా అవుతోందని నేను రోజుల తరబడి వాడి మొహం చూడలేకపోయా. ఒక నర్సమ్మ కూర్చోబెట్టి చెప్పింది, ఆ కణాలే మిగిలిపోయిన క్యాన్సర్ కణాల్ని కూడా వెతికి చంపుతాయమ్మా, దద్దుర్లకి మందులున్నాయి అని. మందులతో తగ్గింది, కొన్ని నెలలు పట్టింది. ఏమైనా జరిగి, ఇచ్చినా వాడు కోలుకోకపోయినా, అది నీ మూలుగ చేసిన తప్పు కాదు, నీ తప్పు అసలే కాదు, ఇది ఇప్పుడే రాసి పెట్టుకో.

మామయ్య రక్తం గ్రూపు అప్పటిదాకా ఓ పాజిటివ్, ఇప్పుడు నాలాగే బి పాజిటివ్, నీ తమ్ముడిది కూడా నీ గ్రూపుకి మారుద్ది.

ఇంజెక్షన్లు మొదలయ్యే తేదీ చెప్పగానే ఫోన్ చెయ్యి, నేనొచ్చేస్తా. అందరి కళ్ళూ వాడి గది మీదే ఉంటాయి, ఉండాలి కూడా, వాడి దగ్గర మీ అమ్మ ఉంటుంది. నేను వచ్చేది నీ దగ్గర ఉండటానికి.

మీ పెద్దమ్మ