అర్ధరాత్రి సెమీఫైనల్, పొద్దున బామ్మర్ది పూలుపండ్లు

ప్రశ్న: నా వయసు 31. హనుమకొండల ప్రైవేటు ఉద్యోగం. చిన్నప్పటినుంచి ఒకే యూరప్ ఫుట్‌బాల్ క్లబ్బుకు అభిమానిని. వచ్చే మంగళవారం రాత్రి 12.30కి చాంపియన్స్ లీగ్ సెమీఫైనల్ రెండో లెగ్, అంటే రెండో మ్యాచ్ ఉంది. మొదటి లెగ్ వాళ్ల గ్రౌండ్ల 2-1తో ఓడిపోయినం. ఇప్పటినుంచే గుండె దడ, అన్నం సయిస్తలేదు. మ్యాచ్‌కు వేసుకునే జెర్సీ ఉతికిందని నా భార్య మీద అరిచిన. బాపు కూర్చుంటే గోల్ పడ్తలేదని ఆయన కుర్చీ మార్పించిన. ఆయనకు గుండెల స్టెంట్ వేసి ఎనిమిది నెలలైంది. తెల్లారి ఏడున్నరకే బామ్మర్ది పూలుపండ్లకు, అంటే పెండ్లి ఖాయం చేసుకునే వేడుకకు, నర్సంపేట పోవాలె, కారు నేనే నడపాలె. దడ తగ్గేటందుకు బాపు మాత్ర సగం వేసుకోవచ్చా? దోస్తులు ఐదువేలు బెట్టింగ్ పెట్టుమంటున్నరు.

జవాబు: ముందు మాత్ర సంగతి. వేసుకోవద్దు, సగం కూడా వద్దు. స్టెంట్ వేసినవారికి ఇచ్చే వాటిలో గుండె వేగాన్ని, బీపీని తగ్గించే మందులు, రక్తాన్ని పలచబరిచే మందులు ఉంటాయి. బీపీ మామూలుగా ఉన్నవాళ్లు మొదటి రకం వేసుకుంటే కళ్లు తిరగొచ్చు, ఉబ్బసం ఉంటే ఊపిరి ఆడక ఇబ్బంది కావచ్చు. రెండో రకానికి దడతో సంబంధమే లేదు. పైగా ఆయన షీట్‌లో ఒక పూట మాత్ర తగ్గిపోతుంది.

మీకు వచ్చినది జబ్బు కాదు. పెద్ద పని ముందుందని ఒళ్లు అడ్రినలిన్ విడుదల చేస్తుంది. గుండె వేగం పెరుగుతుంది, కడుపు పని మందగిస్తుంది, మాటిమాటికీ బాత్రూమ్‌కు పోవాలనిపిస్తుంది. ఆటగాడికీ ఇదే జరుగుతుంది కానీ అతను వార్మప్‌లో పరుగెత్తి దాన్ని ఖర్చు చేసుకుంటాడు. మీరు ఫోన్ పట్టుకుని కూర్చుంటారు, అది ఎటూ పోలేక ఇంట్లోవాళ్ల మీద పడుతుంది. అందుకే సోమ, మంగళవారాలు సాయంత్రం ఎండ తగ్గాక, 5.45 ప్రాంతంలో, వడ్డేపల్లి చెరువు కట్ట మీదో ఆర్ట్స్ కాలేజీ గ్రౌండ్‌లోనో 40 నిమిషాలు చెమట పట్టేలా నడవండి. దడ వచ్చినప్పుడు నాలుగు అంకెలు లెక్కపెడుతూ గాలి పీల్చి, ఆరు అంకెలు లెక్కపెడుతూ వదలండి. ఐదు నిమిషాలు చాలు. పీల్చడం కన్నా వదలడమే ఎక్కువసేపు ఉండాలి. చాలామంది తిప్పి చేసి, దడ పెరిగిందంటారు.

ఇక రాత్రి లెక్క. రెండు మ్యాచ్‌ల మొత్తం గోల్స్ సమమైతే, ఎదుటివాళ్ల గ్రౌండ్‌లో ఎక్కువ గోల్స్ కొట్టిన జట్టే గెలిచినట్టు అనే ‘బయటి గోల్’ నియమాన్ని యూరప్ ఫుట్‌బాల్ సంఘం యూఈఎఫ్ఏ 2021-22 సీజన్ నుంచి తీసేసింది. పాత నియమమైతే మీకు 1-0 గెలుపు చాలు. ఇప్పుడు అదే స్కోరుతో ఎక్స్‌ట్రా టైమ్‌కు పోతారు. కాబట్టి 2.25కు అయిపోతుందని అనుకోకండి. పెనాల్టీల దాకా వెళ్తే 3.15 అవుతుంది. ఇంట్లో చెప్పేటప్పుడు రెండు సమయాలూ చెప్పండి. ఇంకొక చిక్కు కూడా ఉంది. రాత్రి 12.30 అంటే తారీఖు ప్రకారం బుధవారం. మీరు ‘బుధవారం మ్యాచ్’ అని ఉంటే, వేడుక అయిపోయాక ఆ రాత్రి చూస్తారని మీ భార్య అనుకుని ఉండొచ్చు. ఇలాంటి గొడవల్లో సగం ఇక్కడే మొదలవుతాయి. ‘మంగళవారం పడుకున్నాక, తెల్లవారితే నర్సంపేట’ అని విప్పి చెప్పండి.

మంగళవారం మధ్యాహ్నం మూడు తర్వాత టీ, కాఫీ వద్దు. టీలోని కెఫీన్ సగం తగ్గడానికే దాదాపు ఐదు గంటలు పడుతుంది. అర్ధరాత్రి కప్పు తాగితే తెల్లవారుజామున కూడా కళ్లు మూతపడవు. రాత్రి ఏడున్నరకు పెరుగన్నమో రెండు జొన్నరొట్టెలో తినండి. పదకొండుకు బిర్యానీ తెప్పించుకునే అలవాటుంటే ఈసారికి మానండి. కంగారు మీద మసాలా పడితే ఛాతీలో మంట పుట్టి, దాన్నే గుండెనొప్పి అనుకుని హడలిపోతారు. 8.15కు పడుకుని 11.15కు అలారం పెట్టుకోండి. తుది జట్టు అధికారికంగా బయటికి వచ్చేది సుమారు ఆ వేళకే. అంతకుముందు ఫోన్‌లో తిరిగే జట్లన్నీ ఊహాగానాలే. నిద్ర రాకపోయినా ఫోన్ వేరే గదిలో పెట్టి, లైటు తీసేసి పడుకోండి. యాప్‌లో వచ్చే ప్రసారం టీవీ కన్నా వెనక ఉంటుంది కాబట్టి వాట్సాప్ గ్రూప్‌ను మ్యూట్ చేయండి. లేకపోతే మీరు చూడకముందే గోల్ వార్త మోగుతుంది. ఈ కాలంలో గాలిదుమారానికి కరెంటు పోవడం మామూలే. ఫోన్ నిండా చార్జింగ్, మొబైల్ డేటా ఉంచుకోండి.

జెర్సీ మీద నాకు పట్టింపు లేదు. అది మీ ఒంటి మీద ఉన్నంతవరకు మీ ఇష్టం. కుర్చీ అలా కాదు, అక్కడ మీ నమ్మకానికి ఇంకొకరిని కాపలా పెట్టారు. ఫలితం మన చేతిలో లేనప్పుడు మనసు ఏదో ఒకటి పట్టుకుంటుంది. గెలిచిన రోజు జెర్సీ గుర్తుంటుంది, అదే జెర్సీతో ఓడిన రోజు గుర్తుండదు. అది వేసుకుని చూసిన చివరి పది మ్యాచ్‌ల ఫలితాలు కాగితం మీద రాసి చూడండి. బాపును ఆయన కుర్చీలోనే కూర్చోబెట్టండి, అదీ పగటిపూట. 2006 ప్రపంచకప్‌లో జర్మనీ ఆడిన రోజుల్లో మ్యూనిక్ ప్రాంతంలో గుండె అత్యవసర కేసులు మామూలు రోజుల కన్నా 2.66 రెట్లు నమోదయ్యాయి. ముందే గుండెజబ్బు ఉన్నవారిలో పెరుగుదల ఇంకా ఎక్కువ. ఆయనను అర్ధరాత్రి లేపొద్దు, పొద్దున హైలైట్స్ చూపించండి. మీరు ఇయర్‌ఫోన్ పెట్టుకుని తలుపు మూసుకోండి. గోల్ పడితే దిండులో అరవండి, నవ్వులాట కాదు, నిజంగానే. ఆయనకు ఛాతీ నొప్పి, చెమటలు వస్తే మ్యాచ్ వదిలేసి 108కు ఫోన్ చేయండి.

మీ భార్యకు క్షమాపణ ఈ రోజే చెప్పండి. మ్యాచ్ అయ్యాక చెబితే స్కోరును బట్టి చెప్పినట్టుంటుంది. ‘జెర్సీ సంగతిలో తప్పు నాది, కంగారు నీ మీద చూపించిన’ అంటే చాలు. వెనకాల ‘కానీ’ తగిలించవద్దు.

కారు మాత్రం మీరు నడపకూడదు. మూడు గంటల ముక్కల నిద్రతో స్టీరింగ్ పడితే కన్ను అంటుకోవడానికి రెండు సెకన్లు చాలు. బామ్మర్ది దోస్తునో, రోజు కిరాయికి డ్రైవర్‌నో ఇప్పుడే మాట్లాడుకోండి. పూలు, పండ్లు, చీరె సోమవారం రాత్రికే సర్ది పెడితే మీ భార్యకు సగం బరువు తగ్గుతుంది.

బెట్టింగ్‌కు ఒప్పుకోవద్దు. తెలంగాణలో ఆన్‌లైన్ బెట్టింగ్ 2017 నుంచే నేరం. డబ్బు పెట్టాక అది మ్యాచ్ చూడడం కాదు, అప్పు తీరుతుందా అని చూడడం. ఇప్పటికే పోగొట్టుకుని ఉన్నా, ఓడాక రెండు వారాలు దాటినా తిండి, నిద్ర గాడిన పడకపోయినా, కోపంలో చేయి లేచినా ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలీ మానస్ 14416కు ఉచితంగా ఫోన్ చేయండి. తెలుగులోనే మాట్లాడతారు. వరంగల్ ఎంజీఎం ఆసుపత్రి మానసిక వైద్య విభాగానికైనా వెళ్లవచ్చు.

ఆఖరి విజిల్ పడగానే ఫోన్ ఆపేయండి. గెలిచినా ఓడినా అరగంట దాకా ఎక్కడా ఏమీ రాయొద్దు. మొహం కడుక్కుని, గ్లాసెడు నీళ్లు తాగి పడుకోండి. పూలుపండ్ల దగ్గర ఎవరో ఒకరు స్కోరు అడుగుతారు, ఓడితే ఎగతాళి కూడా చేస్తారు. ‘ఓడినం అన్నా’ అని ఒక్క ముక్క చెప్పి, వడ్డనలో చేయి వేయండి.