ఏడో నెలలో పొట్ట మీద దురదా? ముందు అరిచేతులు, అరికాళ్లు చూసుకో

చెల్లీ, ఏడో నెలలో పొట్ట మీద చారలు, రాత్రయితే గోక్కోకుండా ఉండలేనంత దురద అని రాశావు. చర్మం సాగేటప్పుడు పొట్ట, తొడల మీద దురద మామూలే. మరీ వేడి నీళ్లు మానేసి గోరువెచ్చని నీళ్లతో స్నానం చెయ్యి. ఒళ్లు పూర్తిగా ఆరకముందే కొబ్బరి నూనె రాసుకో, తేమ నిలుస్తుంది. సబ్బుకు బదులు సున్నిపిండి వాడొచ్చు, కానీ మెత్తగా జల్లించి, గట్టిగా రుద్దకుండా. నూనె రాస్తే చారలు రావని మీ అత్తగారు అన్నదాని మీద మాత్రం ఆశ పెట్టుకోకు. కాన్పయ్యాక అవి మెల్లగా వెలిసిపోతాయి. రెటినాల్ (విటమిన్ ఎ రకం) ఉన్న క్రీములు ఇప్పుడు అసలు వద్దు.

అసలు సంగతి ఇది. అరిచేతులు, అరికాళ్లలో కూడా దురద ఉందా? దద్దుర్లేమీ లేకుండానే వస్తోందా? అయితే అది కాలేయానికి సంబంధించినది కావచ్చు. పైత్యరసం సరిగా పారక, అందులోని ఆమ్లాలు (బైల్ యాసిడ్స్) రక్తంలో పెరిగినప్పుడు ఇలాగే ఉంటుంది, బిడ్డకూ ప్రమాదం. నూనె రాస్తూ కూర్చోకుండా రేపే డాక్టరు దగ్గరికి వెళ్లి, లివర్ ఫంక్షన్ టెస్టుతో పాటు బైల్ యాసిడ్స్ పరీక్ష కూడా రాయమని అడుగు. కళ్లు పచ్చబడినా, బిడ్డ కదలికలు తగ్గినా రేపటిదాకా ఆగకు, వెంటనే ఆసుపత్రికి వెళ్లు.