కోదాడ దాటకముందే నొప్పెందుకు? బండి సీటుపై పాఠకుల ప్రశ్నలు

రాయల్ ఎన్‌ఫీల్డ్ క్లాసిక్ 350 బండి నడుపుతాను. నెలకు రెండుసార్లు హైదరాబాద్ వెళ్లిరావాలి. కోదాడ చేరేసరికి కూర్చోలేకపోతున్నాను. రెడీమేడ్ టూరింగ్ సీటు కొనమని ఒకరు, ఆటోనగర్‌లో ఉన్న సీటుకే రెండంగుళాల మెత్తటి స్పాంజి వేయించమని ఇంకొకరు చెబుతున్నారు. ఏది మేలు?
— ఒక పాఠకుడు, పటమట, విజయవాడ

రెండంగుళాల మెత్తటి స్పాంజి మాత్రం వేయించకండి. షాపులో కూర్చుని చూసినప్పుడు పరుపు మీద కూర్చున్నట్టే ఉంటుంది. నందిగామ వచ్చేసరికి ఆ స్పాంజి మీ బరువుకు పూర్తిగా అణిగిపోతుంది. అప్పుడు ఎముకల కింద మిగిలేది అడుగునున్న గట్టిదనమే. పైగా అణిగిన స్పాంజి పక్కలనుంచి, మధ్యలోనుంచి పైకి ఉబుకుతుంది. దాంతో పిరుదుల్లో ఉన్న నొప్పికి తొడల మధ్య తిమ్మిరి తోడవుతుంది.

ముందు నొప్పి ఎక్కడ పుడుతోందో తేల్చుకోండి. మందు దాన్నిబట్టే. పిరుదుల కింద చెరోవైపు ఒక్కొక్క ఎముక తగులుతుంది కదా, సరిగ్గా ఆ రెండు చోట్లే నొప్పి ఉంటే ఫోమ్ అణిగిపోతోందని అర్థం. మధ్యభాగం మొద్దుబారుతుంటే సీటు ముందుకు వాలి ఉంది, లేదా మధ్యలో గుండ్రంగా ఉబ్బి ఉంది. వెన్ను చివర, తోక ఎముక దగ్గర నొప్పి అయితే మీరు నడుము వంచి వెనక్కి జారగిలబడి కూర్చుంటున్నారు. దానికి సీటు కంటే హ్యాండిల్ దూరం కారణం కావచ్చు. తొడల లోపలివైపు ఒరుసుకుని మంట పుడితే సీటు అంచులు పదునుగా ఉన్నట్టు.

ఇంట్లోనే చేసుకోగల కొలత ఒకటుంది. టీవీ, ఫ్రిజ్ వచ్చే గీతల అట్టపెట్టె ముక్క ఒకటి కోసి, చెక్క స్టూలు మీద పరిచి, పల్చటి బట్టలతో దాని మీద కూర్చోండి. కాళ్లు కొంచెం పైకి, ఒళ్లు కొంచెం ముందుకు, బండి మీద ఉన్నట్టే. రెండు నిమిషాలాగి లేవండి. అట్ట మీద రెండు గుంటలు కనబడతాయి. వెలుతురు పక్కనుంచి పడేలా వంచి చూస్తే స్పష్టంగా తెలుస్తాయి. ఒక గుంట నడిమధ్య నుంచి రెండో గుంట నడిమధ్యకు స్కేలుతో కొలవండి. చాలామందికి 10 నుంచి 14 సెంటీమీటర్లు వస్తుంది. మీకు 12 వచ్చిందనుకుందాం. రెండువైపులా కనీసం మూడు నాలుగు సెంటీమీటర్ల ఆసరా కావాలి కాబట్టి, మీరు కూర్చునే చోట సీటు 18 నుంచి 20 సెంటీమీటర్ల మేర సమతలంగా ఉండాలి. సీటు మొత్తం వెడల్పు అంతకంటే ఎక్కువే ఉంటుంది. సమతలంగా ఉన్న భాగమెంత అన్నదే ఇక్కడ లెక్క.

ఇక ఫోమ్. షాపుల్లో ‘డెన్సిటీ’ అనే మాట వింటారు. 40 డెన్సిటీ అంటే ఘనమీటరుకు 40 కిలోల బరువని అర్థం. అది మన్నికకు కొలత, గట్టిదనానికి కాదు. తక్కువ డెన్సిటీ ఫోమ్ కూడా గట్టిగా ఉండొచ్చు, కానీ ఆర్నెల్లకే చచ్చుబడి గుంట పడుతుంది. చెప్పిన డెన్సిటీయే వేస్తున్నారా లేదా అన్నది తూకం వేసి చూసుకోవచ్చు. పది సెంటీమీటర్ల పొడవు, పది వెడల్పు, ఐదు మందం ఉన్న ముక్క కోయించి కాటా మీద పెట్టండి. 40 డెన్సిటీ అయితే 20 గ్రాములు తూగాలి. 13, 14 గ్రాములే తూగితే అది సోఫా దిండ్లలో వేసే సరుకు.

ఆటోనగర్‌లో సీట్లు కుట్టేవాళ్లలో చేయి తిరిగినవాళ్లు ఉన్నారు. వాళ్లకు ఏం కావాలో మీరు స్పష్టంగా చెప్పాలి. ‘మెత్తగా చెయ్యండి’ అంటే మెత్తగానే చేస్తారు. ఇలా చెప్పండి: బండి నిటారుగా నిలబెట్టించి, మామూలుగా కూర్చుని, పిరుదులు ఆనే చోటు ముందూ వెనకా చాక్‌పీసుతో గీత పెట్టించండి. కవరు విప్పాక ఆ గీతల మధ్య పాత ఫోమ్‌ను 40 మిల్లీమీటర్ల లోతున సమతలంగా కోయించండి. ఆ గుంటలో అడుగున 25 మిల్లీమీటర్ల రీబాండెడ్ ఫోమ్ వేయించండి. రంగురంగుల ముక్కలు కలిపి నొక్కినట్టు కనిపించేది అదే; 80 నుంచి 100 డెన్సిటీ సరిపోతుంది. దాని మీద 25 మిల్లీమీటర్ల హెచ్‌ఆర్ ఫోమ్ (నొక్కి వదిలితే వెంటనే పైకి లేచే రకం), 40 లేదా 50 డెన్సిటీది. అన్నిటి మీదా సీటంతా కప్పేలా 6 నుంచి 10 మిల్లీమీటర్ల మెత్తటి పొర ఉంటే అతుకులు తెలియవు. మొత్తం కలిపి సీటు ఎత్తు రెండు సెంటీమీటర్లకు మించి పెరగదు. క్లాసిక్ సీటు ఎత్తు 805 మిల్లీమీటర్లు కాబట్టి కాలు అందుతుందో లేదో ముందే చూసుకోండి.

బంక దగ్గర చాలామంది పొరపాటు చేస్తారు. రబ్బరు బంక రెండు వైపులా పల్చగా రాసి, పది పదిహేను నిమిషాలు ఆరనిచ్చి, వేలికి అంటీ అంటనట్టు ఉన్నప్పుడు అతికించాలి. దట్టంగా పూస్తే ఆరాక పెచ్చులా గట్టిపడి, సరిగ్గా ఎముకల కింద తగులుతుంది. ‘కొత్త ఫోమ్ వేశాక కూడా ఏదో గుచ్చుకుంటోంది’ అని రాసేవాళ్ల సీటులో చాలాసార్లు దొరికేది ఈ పెచ్చే. ఆ చోట బంక అంచులకు మాత్రమే రాయించండి.

కవరు బిగించకముందు ఒకసారి కూర్చోండి. ఇరవై నిమిషాలు, ఫోన్ చూసుకుంటూనైనా సరే, దిగకుండా కూర్చోండి. తర్వాత మోకాలు ఆనించి ఒంటి బరువంతా మోపండి. అడుగున బేసు (ఫోమ్ కింద ఉండే గట్టి పలక) తగిలితే పని మళ్లీ చేయాల్సిందే. కుట్టేశాక విప్పమంటే ఎవరికైనా కష్టం.

రెడీమేడ్ టూరింగ్ సీటు కొనాలనుకుంటే తప్పేమీ లేదు. అచ్చులో పోసిన ఫోమ్ కాబట్టి పొరలు ఊడవు, బేసు కచ్చితంగా కూర్చుంటుంది. ఒకటే చిక్కు, అది సగటు మనిషి కొలతకు చేసినది. మీ అట్ట కొలత వెంట తీసుకెళ్లి సమతలం ఎంత ఉందో చూసి కొనండి. బండి తయారైన సంవత్సరం కూడా చెప్పండి. 2021 సెప్టెంబరులో వచ్చిన కొత్త క్లాసిక్ ఛాసీ వేరు, అంతకుముందు దాని సీటు దీనికి పట్టదు. ఏ దారి ఎంచుకున్నా పాత సీటు పారేయకండి. వీలైతే కోత పని పాత బజారులో దొరికే ఇంకో సీటు మీద చేయించుకుని, కంపెనీ సీటు అటక మీద పెట్టండి.

సీటులో జెల్ ప్యాడ్ వేయించాను. మొదట హాయిగా ఉంది. ఏప్రిల్ వచ్చాక పెనం మీద కూర్చున్నట్టు ఉంది. జెల్ మంచిది కాదా?
— ఒక పాఠకుడు, అరండల్‌పేట, గుంటూరు

జెల్ మంచిదే, దాన్ని పెట్టిన చోటే సరిగా లేదు. ఒత్తిడిని నలువైపులా సర్దడం జెల్ చేసే పని. అది వేడిని పట్టుకుంటే ఒక పట్టాన వదలదు. మీ సీటులో జెల్ రెక్సిన్‌కు ఆనుకుని ఉన్నట్టుంది. దాన్ని తీయించి, ఫోమ్‌లో దాని మందమంత గుంట కోయించి అందులో దించి, పైన కనీసం 10 మిల్లీమీటర్ల ఫోమ్ పొర వేయించండి. దాని గుణం ఎక్కడికీ పోదు, వేడి మాత్రం నేరుగా తగలదు.

రెంటచింతల ఎండ పేపర్లో చదివే ప్రాంతంవాళ్లం కాబట్టి ఇంకో మాట. నల్ల రెక్సిన్ ఎండలో ఆగితే లోపల ఏ ఫోమ్ ఉన్నా ఒకటే. వేసవి నాలుగు నెలలూ దాని మీద మందపాటి మెష్ కవరు కట్టండి. గళ్లగళ్లుగా, నొక్కితే స్ప్రింగులా లేచే రకం. ఒంటికీ సీటుకూ మధ్య గాలి ఆడుతుంది, చెమటకు బట్ట అంటుకోదు. పట్టీలు సీటు కిందనుంచి బిగుతుగా లాగి కట్టాలి. వదులుగా ఉంటే బ్రేకు వేసినప్పుడు కవరుతో పాటు మీరూ జారతారు. మెమరీ ఫోమ్ వేయించమని ఎవరైనా అంటే మన ఊళ్లలో ఒప్పుకోకండి. అది వేడికి మెత్తబడే గుణమున్న సరుకు. మే నెల మధ్యాహ్నం జావలా అయి అడుగంటుతుంది.

నా ఎత్తు ఐదడుగుల ఒక అంగుళం. హోండా హైనెస్ సీబీ 350 బండి కొన్నాను. కాళ్లు అందక సీటు ఒకటిన్నర అంగుళం కోయించాను. ఇప్పుడు అందుతున్నాయి కానీ గంటసేపు కూడా కూర్చోలేను. మోకాళ్లూ పట్టేస్తున్నాయి.
— ఒక పాఠకురాలు, మంగళగిరి

మీరు కోయించినది ఎత్తు అనుకున్నారు, పోయింది మాత్రం కుషనింగ్. ఎముకల కింద మిగిలిన ఫోమ్ మీ బరువు మోయడానికి చాలడం లేదు. సీటు దిగి, ఫుట్‌రెస్ట్ ఉన్నచోటే ఉండటంతో మోకాలు మరింత ముడుచుకుపోయింది. ఆ పట్టేయడం అందుకే.

కాలు నేలకు అందడంలో సీటు ఎత్తుకు ఎంత పాత్ర ఉందో, ముందు భాగం వెడల్పుకూ అంతే ఉంది. బండి ఆపినప్పుడు మీరు ట్యాంకు వైపు జరిగి కాళ్లు దింపుతారు. అక్కడ సీటు వెడల్పుగా ఉంటే తొడలు పక్కకు తెరుచుకుని, ఆ మేరకు పాదం నేలకు దూరమవుతుంది. కాబట్టి వెనక, కూర్చునే చోట ఫోమ్ తిరిగి నింపించండి. ట్యాంకుకు ఆనే ముందరి 15 సెంటీమీటర్లలో రెండు పక్కలా ఒకటిన్నర, రెండు సెంటీమీటర్ల చొప్పున చెక్కించి, అంచు గుండ్రంగా తీయించండి. కాలు జారే దారి నున్నగా ఉండాలి, అక్కడ కుట్టు రాకూడదు. అప్పటికీ కొంచెం తక్కువైతే అడుగు మందంగా ఉన్న బూట్లు మరో సెంటీమీటరో రెండో కలిసొస్తాయి. వెనక షాకబ్జార్లు మార్చి బండిని దించే ఆలోచన వద్దు. మలుపుల్లో బండి తీరు మారుతుంది, సైడు స్టాండు మీద నిటారుగా నిలిచి పడిపోయే ప్రమాదమూ ఉంది.

ఇద్దరం శ్రీశైలం వెళుతుంటాం. వెనక కూర్చున్న మా ఆవిడ దోర్నాల ఘాట్ దిగేటప్పుడు నా మీదకు జారిపోతోంది. నేను ట్యాంకు మీదకు పోతున్నాను. రాత్రికి ఇద్దరికీ ఒళ్లు నొప్పులే.
— ఒక పాఠకుడు, సత్తెనపల్లి

రెండు సీట్ల మధ్య మెట్టు ఉండాలి, వెనక సీటు ముందుకు వాలకూడదు. ఆమె కూర్చునే భాగంలో ముందు అంచు ఒక సెంటీమీటరు పైకి లేపిస్తే చాలావరకు జారడం ఆగుతుంది. కవరుకు నున్నటి రెక్సిన్ బదులు గరుకు నేత ఉన్నది వేయించండి. పని చేయించేటప్పుడు వెనకవాళ్లు పట్టుకునే పట్టీ, కమ్మీ తీసేస్తామంటే ఒప్పుకోకండి. 1989 నాటి కేంద్ర మోటారు వాహన నిబంధనల్లో 123వ నిబంధన ప్రకారం వెనక కూర్చునేవారికి చేతిపట్టు, కాళ్లు పెట్టుకునే ఆసరా, వెనక చక్రాన్ని సగమైనా కప్పే రక్షణ ఉండి తీరాలి. చీర, చున్నీ చక్రంలో పడకుండా కాపాడేది ఆ చివరిదే.

ఇంకొకటి. ఇద్దరూ, సామానూ ఎక్కినప్పుడు వెనక షాకబ్జార్ల ప్రీలోడ్ (స్ప్రింగు బిగువు) రెండు మూడు గాట్లు పెంచుతున్నారా? పెంచకపోతే ప్రతి గుంతకూ సస్పెన్షన్ అడుగు తాకి, ఆ దెబ్బ నేరుగా వెన్నుకు తగులుతుంది. సీటు ఎంత మంచిదైనా దాన్ని ఆపలేదు. ఒక్కరే వెళ్లేటప్పుడు మళ్లీ తగ్గించాలి.

సీటు కొత్తగా కుట్టించాక వాన పడితే రెండు రోజులు ప్యాంటు తడుస్తోంది. రెక్సిన్ ఎక్కడా చిరగలేదు.
— ఒక పాఠకుడు, తెనాలి

రెక్సిన్‌లోంచి నీళ్లు దిగవు, సూది రంధ్రాల్లోంచి దిగుతాయి. డిజైను కోసం కూర్చునే చోట గళ్లు కుట్టించి ఉంటారు. అక్కడ నీళ్లు నిలిచి, మీరు కూర్చోగానే ఆ ఒత్తిడికి లోపలికి పోతాయి. ఫోమ్ పీల్చుకుని, మళ్లీ మీరు కూర్చున్నప్పుడల్లా వదులుతుంది. కుట్లు పక్కలకు మాత్రమే వచ్చేలా కవరు మళ్లీ కుట్టించండి. ఫోమ్‌కూ కవరుకూ మధ్య పల్చటి పాలిథిన్ షీటు వేయించండి, మడతలు లేకుండా. మడత ఉంటే కూర్చున్నప్పుడల్లా గరగరలాడుతుంది. కవరు తీసినప్పుడు బేసు ప్లేటు అడుగున నీరు పోయే రంధ్రాలుంటాయి, అవి బంకతో మూసుకుపోలేదని చూడండి. తడిసిన ఫోమ్‌ను నొక్కి పిండి నీడలో ఆరబెట్టండి. నేరుగా ఎండలో పెడితే పచ్చబడి పొడిపొడిగా రాలుతుంది.

స్టేప్లర్ పిన్నులు స్టెయిన్‌లెస్ స్టీలువి, 6 మిల్లీమీటర్లవి అడగండి. మామూలువి రెండు వానాకాలాల్లో తుప్పు పట్టి కవరు వదిలేస్తాయి. పొడవు ఎక్కువైతే బేసు దాటి ఫోమ్‌లోకి పొడుచుకొస్తాయి. సీటు బిగించేముందు కింద ఉండే రబ్బరు గుబ్బలన్నీ తిరిగి పెట్టారా అని లెక్కపెట్టుకోండి. ఒకటి తగ్గినా బరువంతా ఒక మూల పడి బేసు పగులుతుంది.

సీటు మార్చకుండా గాలి నింపే కుషన్ వాడొచ్చా? కొన్నాను, ఊగిసలాడుతోంది.
— ఒక పాఠకుడు, భవానీపురం, విజయవాడ

వాడొచ్చు, మీరు గాలి ఎక్కువ పట్టించారు. ముందు సగం వరకు ఊది, బండి మీద కూర్చుని, వాల్వు కొద్దికొద్దిగా వదలండి. ఎముకకూ సీటుకూ మధ్య ఒక సెంటీమీటరు, ఒకటిన్నర మిగిలేవరకు వదలాలి. అరచేయి కింద పెట్టి చూస్తే తెలుస్తుంది. పొద్దున చల్లగా ఉన్నప్పుడు సరిచేసిన గాలి మధ్యాహ్నం వేడికి ఉబ్బుతుంది కాబట్టి, టీకి ఆగినప్పుడు మళ్లీ ఒకసారి వదిలి చూసుకోండి.