చైత్ర వైశాఖాల్లో తిండి, నడక: మేనకోడలికి ఒక లేఖ

చి.సౌ. సుజాతకు మామయ్య ఆశీస్సులు.

ఇక్కడ మేమంతా కులాసా. నువ్వు, మీ ఆయన, పిల్లలు, మీ అత్తగారు కులాసాగా ఉన్నారని తలుస్తాను. హైదరాబాదు నుంచి విజయవాడకు బదిలీ అయిన దగ్గర నుంచి ఒంట్లో బద్ధకంగా ఉంటోందని, ఆకలి మందగించిందని, ఉదయపు నడక కూడా మానేశానని ఫోనులో చెప్పావు. ఎండలు ముదరకముందే ఏం తినాలి, ఏం చేయాలి అని అడిగావు. అది ఫోనులో నాలుగు మాటల్లో తేలే సంగతి కాదు. బడిలో పిల్లలకు వ్యాయామం నేర్పడమే వృత్తిగా బ్రతికినవాణ్ణి కనుక, తెలిసినంతలో తీరికగా రాస్తున్నాను.

ముందుగా ఊరి తేడా గుర్తుంచుకో. హైదరాబాదు సముద్రమట్టానికి 500 మీటర్లకు పైగా ఎత్తున ఉన్న పీఠభూమి. అక్కడ ఎండ ఎంత కాసినా గాలి పొడిగా ఉంటుంది కాబట్టి చెమట పట్టిన వెంటనే ఆరిపోయి ఒళ్ళు చల్లబడుతుంది. విజయవాడలో నది, కాలువలు, దగ్గరలోనే సముద్రం, చుట్టూ వేడిని దాచుకొనే రాతి కొండలు. ఇక్కడి ఉక్కలో చెమట కారుతుందే గాని ఆరదు, ఆరని చెమట ఒంటిని చల్లబరచదు. అందువల్ల అక్కడ ఏడు గంటలకు హాయిగా చేసిన నడకే ఇక్కడ అదే వేళకు ఆయాసం తెప్పిస్తుంది. అది నీ బలహీనత కాదు. కొత్త వేడికి శరీరం అలవాటు పడటానికి ఒకటి రెండు వారాలు పడుతుంది, అదీ రోజూ కొంచెం కొంచెంగా దానికి ఆ వేడి రుచి చూపిస్తేనే. ఇంట్లో ఏసీ, కారులో ఏసీ, ఆఫీసులో ఏసీ అయితే ఎన్ని వారాలు గడిచినా అలవాటు పడదు. ఉగాది నుంచి మొదలయ్యే మొదటి పక్షం ఈ అలవాటుకు చాలా విలువైనది, ఏప్రిల్ నడిమికి వచ్చాక కొత్తగా మొదలుపెట్టడం కష్టం.

పంచాంగం ప్రకారం చైత్ర వైశాఖాలు రెండూ వసంత ఋతువే. చలికాలంలో పేరుకున్న కఫం వసంతంలో ఎండ వేడికి కరిగి జఠరాగ్నిని మందగింపజేస్తుందని చరక సంహిత, అష్టాంగ హృదయం వంటి ఆయుర్వేద గ్రంథాలు చెబుతాయి. అందుకని బరువైన తిండి, నూనె, పులుపు, తీపి తగ్గించి చేదు, కారం, వగరు రుచులు పెంచాలని, వ్యాయామం చేయాలని, పగటి నిద్ర మానాలని ఆ గ్రంథాల సలహా. ఇందులో చాలా మటుకు నాకు సమ్మతమే. అయితే మన కృష్ణా తీరంలో వైశాఖం పేరుకే వసంతం, ఒంటికి మాత్రం గ్రీష్మమే. కాబట్టి ఆ నియమాలను చైత్రంలో గట్టిగా పాటించి వైశాఖంలో సడలించుకోవడం తెలివైన పని. పగటి నిద్ర విషయమే తీసుకో. వసంతంలో వద్దన్న చరకుడే గ్రీష్మంలో చల్లని చోట పగలు పడుకోవచ్చన్నాడు. మీ అత్తగారు మే నెలలో మధ్యాహ్నం ఒక కునుకు తీస్తే నువ్వు అభ్యంతరం చెప్పవద్దు. మార్చిలో మాత్రం భోజనం కాగానే ఆమెను మంచం ఎక్కనివ్వకు.

నా అనుభవంలో ఈ ఋతువులో మొదట మార్చవలసింది వంట కాదు, వేళలు. రాత్రి తొమ్మిదిన్నరకు భోంచేసి పదిన్నరకు పడుకొనేవాడు ఉదయం అయిదింటికి లేవలేడు, లేచినా కడుపు బరువుతో నడవలేడు. ఏడున్నరకల్లా రాత్రి భోజనం ముగించండి. ఏప్రిల్‌లో మీ ఊళ్ళో ఆరు కాకముందే తెల్లవారుతుంది. అయిదున్నరకు గడప దాటితే ఆరున్నరకల్లా ఇంటికి చేరవచ్చు. ఇందిరా గాంధీ స్టేడియంలోనో, రద్దీ లేని కాలువ గట్టు మీదనో నడవండి. ట్రాఫిక్ మొదలైన రోడ్డు పక్కన నడిచి పొగ పీల్చడం కంటే ఇంటి మేడ మీద అటూ ఇటూ తిరగడం మేలు. సాయంత్రం నడవాలనుకుంటే సూర్యాస్తమయం దాటాక బయలుదేరండి, అప్పుడు కూడా సిమెంటు రోడ్డు సెగ కక్కుతూనే ఉంటుందని మరచిపోవద్దు.

ఎంత చేయాలి అన్నావు. పెద్దవాళ్ళు వారానికి కనీసం 150 నిమిషాలు ఒక మోస్తరు శ్రమ, రెండు రోజులు కండరాలకు బలమిచ్చే వ్యాయామం చేయాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతోంది. అంటే వారంలో అయిదు రోజులు అరగంట చొప్పున నడిస్తే చాలు. నువ్వు మాత్రం మొదటి వారం పావుగంటతో ఆపు, రెండవ వారం ఇరవై అయిదు నిమిషాలకు పెంచు, ఆ తరువాతే పూర్తి అరగంట. నడుస్తూ పక్కవాళ్ళతో మాట్లాడగలగాలి, కాని పాట పాడలేకపోవాలి. అదే సరైన వేగం. అష్టాంగ హృదయం కూడా చలికాలంలోను, వసంతంలోను ఉన్న బలంలో సగం వరకే వ్యాయామం చేయమంటుంది, తక్కిన కాలాల్లో అంతకంటే తక్కువ. నుదుట, చంకల్లో చెమట పట్టి, నోరు ఆరిపోయి, నోటితో గాలి పీల్చవలసి వస్తే సగం బలం ఖర్చయిందని లెక్క, అక్కడితో ఆపాలి. ఈ రోజుల్లో కుర్రవాళ్ళు చేతి గడియారంలో అంకెలు చూసుకొని ఇంకా వెయ్యి అడుగులు మిగిలాయని మిట్టమధ్యాహ్నం పరుగెత్తడం చూస్తుంటే నాకు నవ్వాలో ఏడవాలో తెలియదు.

కండరాల బలానికి జిమ్ అవసరం లేదు. గోడకు ఆనించిన కుర్చీలో కూర్చొని, చేతులు ఊతం పెట్టకుండా పదిసార్లు లేచి కూర్చోమని మీ అత్తగారికి చెప్పు. మొదట్లో చేతుల సాయం కావాలి, తీసుకోనివ్వు. మోకాళ్ళు పాదాల కంటే లోపలికి వాలకుండా, లేచేటప్పుడు ముందుకు వంగి ఊపిరి వదులుతూ లేవాలి. ఊపిరి బిగబట్టకూడదు, ముఖ్యంగా బీపీ ఉన్న మనిషి. ఆ తరువాత కుర్చీ వీపు పట్టుకొని మడమలు పైకెత్తి దించడం. ఈ రెండూ చేసే వృద్ధులు స్నానాల గదిలో జారి పడటం తక్కువ. నీకు, మీ ఆయనకు సూర్య నమస్కారాలు సరిపోతాయి, నెమ్మదిగా నాలుగు చేసి క్రమంగా పన్నెండుకు పెంచుకోండి.

పిల్లల సంగతి వేరు. అయిదేళ్ళు దాటిన పిల్లలకు రోజుకు గంట సేపు ఆట కావాలి. మార్చి నడిమి నుంచి ఒంటిపూట బడులు కనుక వాళ్ళు సరిగ్గా ఎండ నడినెత్తిన ఉన్నప్పుడు ఇంటికి వస్తారు. రాగానే ఫ్రిజ్ నీళ్ళు కాక కుండ నీళ్ళు, మజ్జిగ ఇచ్చి, సాయంత్రం అయిదు దాకా ఇంటిపట్టునే ఉంచు. అష్టా చెమ్మా, వామనగుంటలు, క్యారమ్స్ అప్పటి ఆటలు. అయిదు దాటాక మాత్రం ఎండ తగ్గింది కదా అని ఫోను చేతికివ్వకుండా బయటికి తరుము. కాలువలో ఈతకు పెద్దవాళ్ళు తోడు లేకుండా ఎన్నటికీ పంపవద్దు.

ఇక తిండి. ఉదయం ఇడ్లీ, దోసెలు మానమనను గాని, వారంలో మూడు నాలుగు రోజులు అంబలి అలవాటు చేయి. నలుగురికి అర గ్లాసు రాగి పిండిని రాత్రి ఒక గ్లాసు నీళ్ళలో కలిపి మూత పెట్టి ఉంచు. ఉదయం నాలుగు గ్లాసుల నీళ్ళు తెర్లుతుండగా ఆ పిండి నీళ్ళను సన్నని ధారగా పోస్తూ, తెడ్డు ఆపకుండా కలుపు. ఆపితే ఉండలు కడుతుంది. పచ్చి వాసన పోయి, రంగు ముదిరి, తెడ్డుకు పలుచగా అంటుకొనే దాకా ఉడకనిచ్చి దించు. పూర్తిగా చల్లారాక మజ్జిగ, చిటికెడు ఉప్పు, సన్నగా తరిగిన ఉల్లిపాయ కలిపి తాగండి. రాగుల్లో 100 గ్రాములకు సుమారు 350 మిల్లీగ్రాముల కాల్షియం ఉంటుంది, పాలలో అదే తూకానికి 120 దగ్గర. అలాగని గ్లాసు అంబలితోనే ఎముకలకు కావలసినదంతా అందిందనుకోవద్దు, అందులో పడే పిండి కొంచెమే. పెరుగు, ఆకుకూరలు, నువ్వులు పక్కన ఉండాలి. చద్దన్నం కూడా మంచిదే. అయితే మీ ఊరి ఉక్కకు అది తొందరగా పులుస్తుంది కనుక ఉదయమే తినేయాలి, మధ్యాహ్నం దాకా దాచకూడదు.

ఈ ఋతువుకే ప్రత్యేకమైనది చింతచిగురు. పట్నంలో ధర చూసి వెనుకాడతావేమో, ఏడాదికి నాలుగు వారాలు దొరికే దానికి బేరం చూడకు. ఇంటికి తెచ్చాక నీడలో కాసేపు ఆరబెట్టి, అరచేతుల మధ్య మెల్లగా నలిపితే పుల్లలు, దుమ్ము విడిపోతాయి, ఆకు మిగులుతుంది. కందిపప్పు బాగా మెత్తబడిన తరువాతే దాన్ని కలుపు, ముందే వేస్తే పులుపుకు పప్పు ఉడకదు. వేరే చింతపండు అక్కరలేదు. వేపపువ్వును ఉగాది పచ్చడితో సరిపెట్టకుండా నీడన ఎండబెట్టి ఉంచుకొని, చెంచాడు నేతిలో దోరగా వేయించి, మొదటి ముద్దలో నలుపుకొని తినండి. పిల్లలు మొహం చిట్లించినా రెండు రేకులు నాలుకకు తగలనివ్వు. మిగతా రోజుల్లో బీర, సొర, పొట్ల, దోస వంటి నీటి కూరగాయలు ఇగురుగానో పప్పులోనో వండు, వేపుళ్ళు ఆదివారానికి వదిలేయి. శ్రీరామ నవమి నాటి వడపప్పును ఆ ఒక్కరోజుకే పరిమితం చేయడం ఎందుకో నాకు అర్థం కాదు. నానిన పెసరపప్పులో కొబ్బరి, మామిడి కోరు, నిమ్మరసం కలిపితే సాయంత్రం బజ్జీల ఊసు ఎవరూ ఎత్తరు. పానకం మాత్రం పండుగకే చాలు, అందులో బెల్లం తక్కువేమీ కాదు.

హైదరాబాదులోని జాతీయ పోషకాహార సంస్థ రోజుకు మనిషికి ఉప్పు 5 గ్రాములు దాటవద్దంటుంది. అది ఒక చెంచా. చెమట పోతోంది కనుక ఉప్పు ఎక్కువ తినాలని మీ ఆయన అన్నట్లున్నాడు. రోజంతా ఎండలో మట్టి మోసేవాడికి ఆ మాట కొంత వర్తిస్తుంది, ఏసీ గదిలో కూర్చొనే ఉద్యోగికి వర్తించదు. మీ ఇంట్లో ఆవకాయ, అప్పడాలు, ఊరమిరపకాయలు ఒకే పూట విస్తట్లో కనబడతాయని నాకు తెలుసు. ఒక పూట ఒక్కటే అన్న నియమం పెట్టు. కొత్తావకాయ కలిపిన రోజున ఎవరి నోరూ కట్టవద్దు, అది అన్యాయం.

మామిడిపండ్ల విషయంలో ఓపిక పట్టు. మార్చిలోనే బజారులో పసుపుపచ్చగా మెరిసే పండ్లను చూసి మోసపోకు. కాల్షియం కార్బైడుతో పండించడాన్ని చట్టం నిషేధించింది, ఇథిలీన్ వాయువుతో మాగబెట్టడానికి మాత్రమే అనుమతి ఉంది. పైకి పసుపు, లోపల పులుపు, వాసన లేకపోవడం ఉంటే అనుమానించాలి. నున్న ఊరి మామిడి మార్కెట్ మీకు దగ్గరే కదా, పక్వానికి వచ్చిన కాయలు బంగినపల్లివో రసాలో తెచ్చి ఇంట్లో గడ్డిలో మాగవేయండి. జ్యూస్ తీయకుండా పండుగానే తినండి, భోజనం మీద కాక సాయంత్రం చిరుతిండికి బదులుగా. మీ అత్తగారికి షుగరు ఉంది కనుక డాక్టరు ఒప్పుకొన్న మేరకు రెండు ముక్కలు, ఆ పూట అన్నం ఆ మేరకు తగ్గించి పెట్టు. ముంజలు లేతవే కొను, ముదిరినవి కడుపునొప్పి తెస్తాయి. పుచ్చకాయను ముక్కలుగా కోసి ఈగల మధ్య అమ్మే బండి దగ్గర ఆగవద్దు, కాయ కొని ఇంట్లో కోసుకోండి.

నీళ్ళకు గ్లాసుల లెక్క పెట్టుకోకు. మూత్రం లేత పసుపులో ఉంటే చాలినంత తాగుతున్నట్టు, ముదురు పసుపైతే తక్కువైనట్టు. వాంతులు, విరేచనాలు పట్టుకుంటే లీటరు కాచి చల్లార్చిన నీళ్ళలో ఆరు చెంచాల పంచదార, అర చెంచా ఉప్పు కలిపి కొంచెం కొంచెంగా తాగించు. చెంచా చిన్నది, గీటు తీసి కొలవాలి, ఉప్పు ఎక్కువైతే పిల్లలకు ప్రమాదం. ఎవరికైనా ఒళ్ళు కాలిపోతూ మాట తడబడుతుంటే ఇంటి వైద్యం మీద కాలం గడపకుండా, తడి గుడ్డలతో తుడుస్తూనే 108కి ఫోను చేయి.

చివరగా ఒక ముఖ్యమైన పని. మీ అత్తగారు బీపీకి వాడే మాత్రల్లో నీరు తీసే మందు ఉందేమో చూడు. అది వాడేవారికి వేసవిలో నీరు, లవణాలు త్వరగా తగ్గి కళ్ళు తిరుగుతాయి. మాత్రను మీ అంతట మీరు మానవద్దు, తగ్గించవద్దు. నడక మొదలుపెట్టకముందే ఆమెను డాక్టరు వద్దకు తీసుకువెళ్ళి, బీపీ చూపించి, వేసవికి మోతాదు మార్చాలా, నీళ్ళు ఎంత తాగవచ్చు అని అడుగు. ఉగాదికి మీరు ఇక్కడికి వచ్చేటప్పుడు డాక్టరు రాసిచ్చిన చీటీ వెంట తెండి, ఒకసారి చూస్తాను.

ఇట్లు,
మీ మామయ్య